మగ్గం గుంటలో తెల్ల పురుగులు

సారయ్యకు మరదలు అనసూర్య కంట్లో నలుసు. తమ్ముడు పోయి ఆరేళ్లయినా కాశిబుగ్గ ఇంటి ముందుగదిలో ఆమె మగ్గం వదల్లేదు. ఆ గది ఖాళీ అయితేనే అతని పవర్‌లూమ్‌కు చోటు.

ఒకనాడు మగ్గం గుంట మూలన, చీమల పుట్టలో, బియ్యపు నూకంత తెల్ల పురుగులు అతని కంటబడ్డాయి. ఇక చూడాలి ఆయనగారి సంబరం! కులపెద్ద పెద్దులును వెంటబెట్టుకొచ్చాడు.

"గుంటకు చెదలు పట్టినయ్. ఇల్లు కూలకముందే పూడ్చాలె."

"చెదలు గాదు బావా," అంది అనసూర్య. గుంటలో కాళ్లు పెట్టి నేసే మనిషికి ఆ పురుగులు రోజూ కనిపించేవే. వీపున పొరలు, కింద లెక్కలేనన్ని కాళ్లు. "చీమలతోటే ఉంటయ్. వాటి ఎంగిలి తింటయ్. చెక్క ముట్టవ్."

"నీ లెక్కనే అన్నట్టు," ఎత్తిపొడిచాడు సారయ్య.

అనసూర్యకు ఒళ్లు మండింది. "నీ ఎంగిలి నేనెన్నడు తిన్న? నేను నేసిన తువ్వాళ్లతోటే నీ పొయ్యి గూడ ఎలుగుతాంది. గుంటల మామిడి చెక్క పెట్టుండ్రి. ఇరవై రోజులల్ల తింటే గది ఇడిసిపెట్టి పోత."

పెద్దులు సరేనన్నాడు. ఇరవయ్యో రోజు ఆయనే చెక్క పైకి తీశాడు. ఎక్కడా చిన్న గాటు కూడా లేదు.

"మగ్గం ఈడనే ఉంటది సారయ్యా," అని తేల్చి వెళ్లిపోయాడు.

మర్నాడు అనసూర్య నూలు తేవడానికి బజారుకు వెళ్లొచ్చేసరికి గుంట నిండా మట్టి. సారయ్య చేతులు కడుక్కుంటున్నాడు. ఎంత పాడు బుద్ధి!

ఆమె ఏడవలేదు. అతను పడుకునే గదిలోకి వెళ్లి, మంచం ఈడ్చి వాకిట్లో పడేసి, నేల మీద గడ్డపార దించింది.

"ఏం జేస్తానవే?" సారయ్య అరిచాడు.

"ఇల్లు ఇద్దరన్నదమ్ములది గదా. ఆ గుంట నువ్వు పూడ్చినవ్, ఈడ తవ్వుకుంటాన."

అరుపులకు వాడంతా పోగైంది. పెద్దులు కూడా వచ్చి, ముందుగదిలో మట్టి, పడకగదిలో గొయ్యి చూశాడు. "ఏ గదిల నేయాల్నో నువ్వే చెప్పు సారయ్యా."

మధ్యాహ్నానికి సారయ్య ముందుగదిలో వంగి పూడ్చిన మట్టి తనే తోడుతున్నాడు. చెదిరిన చీమలు మోచేతుల దాకా పాకి కసిగా కుట్టాయి. తెల్ల పురుగుల జోలికి మాత్రం ఒక్కటీ పోలేదు.

అనసూర్య అతని మంచం మీదే కూర్చుంది.

"జర మెల్లగ తోడు బావా. పురుగులు నలుగుతయ్."