ఆగిపోయిన చావుకబురు

గెర్హార్డ్ రెంపెల్ ఇంట ఆరేళ్ళ పిల్ల పోయిందని పొద్దున్నే తెలిసింది. శవానికి స్నానం చేయించడానికి అగనేతాను పిలిచారు. ఇరవై ఏళ్ళుగా ఆ వీధిలో ఎవరు పోయినా కడిగి, తెల్లబట్ట తొడిగేది ఆమే. ఆ పని మీద ఇష్టం ఉండి కాదు. ఇంకెవరూ ముందుకు రాకపోవడంతో అది ఆమెకు అంటుకుపోయింది.

గోరువెచ్చటి నీళ్ళలో గుడ్డ ముంచి పిల్ల చెవి వెనక తుడుస్తుంటే ఆమె చెయ్యి ఆగింది. అక్కడ గోధుమరంగు మచ్చలు. జుట్టు మొదళ్ళ దగ్గర మొదలై, మెడ మీదుగా రొమ్ము దాకా, ఒకదానిలో ఒకటి కలిసిపోయి దిగాయి.

"ఇది తట్టు కదా మార్గరెతా?" అంది మెల్లగా.

పిల్ల తల్లి మార్గరెతా గోడ వైపు చూస్తూ, "చెమటపొక్కులు. జ్వరం ఊపిరితిత్తుల్లోకి దిగింది, అంతే. అలాగే చెప్పమన్నారు మా మామగారు" అంది. చివరి మాట నోరు జారిందని ఆమెకూ తెలిసింది.

"మిగతా పిల్లలేరీ?"

"లోపల పడుకున్నారు. జలుబు."

లోపలి గదిలోంచి వినిపిస్తున్న దగ్గు జలుబు దగ్గు కాదు. అగనేతా ఆ దగ్గును మరిచిపోలేదు. పెళ్ళయిన రెండో ఏడు, ఐదు నెలల కొడుకును దుప్పటిలో చుట్టుకుని ఆమె ఇలాంటి చావింటికే వెళ్ళింది. పిలిచాక వెళ్ళకపోతే బావుండదని అత్తగారు అంటే కాదనలేకపోయింది. పదకొండో రోజున బిడ్డకు ఒళ్ళు కాలింది. పద్దెనిమిదో రోజున ఆ బిడ్డను కడిగింది కూడా ఆమే. ఆమె కడిగిన మొదటి శవం అదే.

ఇప్పుడు కూతురు లేనాకు తొమ్మిది వారాల పాప. ఇల్లు అదే వీధిలో దక్షిణపు కొసన. లేనాకు చిన్నప్పుడు తట్టు రాలేదు. ఎండాకాలం మొదట్లో పట్నం నుంచి ప్రభుత్వ నర్సు తట్టు టీకా సూదుల పెట్టె తెచ్చినప్పుడు, చర్చి సంఘపెద్దలు ఆమెను బండి దిగనివ్వలేదు. మరీ పసివాళ్ళకు సూది వెయ్యరనీ, జబ్బు వాళ్ళ దాకా రాకుండా చుట్టూ ఉన్నవాళ్ళే ఆపాలనీ నర్సు బండిలోంచే అరిచి చెప్పింది. సూది మీద నమ్మకం పెడితే దేవుడి మీద ఎంత మిగులుతుందని పెద్దలు అడిగారు. ఆ రోజు గుంపులో నిలబడి అగనేతా కూడా తల ఊపింది. దేవుడిచ్చిన చేతులతోనే కదా ఆ నర్సు పిల్ల పెట్టె మోసుకొచ్చింది అన్న సంగతి ఇంటికెళ్ళి గిన్నెలు కడుగుతున్నప్పుడు తోచింది. తోచినా ఎవరితోనూ అనలేదు.

శవానికి జుట్టు దువ్వి, పెరట్లోకి వచ్చింది. సంఘపెద్ద ఇస్‌బ్రాండ్ రెంపెల్ శవపేటిక చెక్కలు కొలుస్తున్నాడు. పోయిన పిల్లకు ఆయన సొంత తాత.

"పెద్దయ్యా, ఒక్క మాట. ఇది తట్టు. ఇంటివాళ్ళ మట్టుకు పాతిపెట్టి రండి. ఊరిని పిలవకండి."

ఆయన కొలబద్ద దించలేదు. "కుక్క చస్తేనే నలుగురం నిలబడి పూడుస్తాం. నా మనవరాలిని దొంగసరుకులా పూడ్చమంటావా?"

"పసిపిల్లలున్న ఇళ్ళు చాలా ఉన్నాయి పెద్దయ్యా."

"పిల్లల్ని ఇచ్చినవాడికి కాపాడుకోవడం చేతకాదనా నీ ఉద్దేశం? ఈ మాట బయటపడితే రేపు పట్నం నుంచి బళ్ళు దిగుతాయి. బడి మూస్తారు. ఇంటింటికీ దూరి సూదులు పొడుస్తారు. అదంతా నీ నెత్తిన పడుతుంది. కడగడానికి వచ్చావు, కడిగావు. ఇంక నడువు."

ఆమె నడిచింది.

ఊరంతా ఒకటే వీధి, ఉత్తరం నుంచి దక్షిణానికి. ఎవరైనా పోతే ఆ ఇంటివాళ్ళు ఒకే ఒక్క కాగితం రాస్తారు. పైన పోయినవాళ్ళ పేరు, కింద వరసగా పిలవాల్సిన ఇళ్ళ పేర్లు. మొదటి ఇంటివాళ్ళు చదివి, తమ పేరు చూసుకుని, పక్కింటికి తీసుకెళ్ళి ఇస్తారు. వాళ్ళు ఆ పక్కింటికి. చీటీ చేతికొచ్చాక మంచినీళ్ళు కూడా తాగకుండా దాన్ని దాటించాలి. చివరి ఇంటివాళ్ళు పొయ్యిలో వేస్తారు. ముత్తాతల నాటి నుంచీ ఏ చీటీ కూడా దారిలో ఆగలేదు.

మధ్యాహ్నానికి ఆ కాగితం ఉత్తరపు సగం తిరిగి, పక్కింటి సుసన్నా చేతుల్లో అగనేతా గుమ్మానికి వచ్చింది.

"ఇంద. ఎల్లుండి పొద్దున తొమ్మిదింటికట. పాపం ఊపిరితిత్తుల జ్వరమట కదా?"

"తట్టు" అంది అగనేతా.

సుసన్నా నవ్వింది. "అయితే ఏం? నీకు రాలేదా, నాకు రాలేదా? చచ్చామా? మా అమ్మయితే తట్టొచ్చిన ఇంటికి మమ్మల్ని కావాలని పంపేది, ఒకేసారి అయిపోతుందని. ఊరికే గోల చెయ్యకు. నీకసలే శవాలు చూసి చూసి బుర్రలో అవే తిరుగుతుంటాయి."

"నా కొడుకు చచ్చాడు సుసన్నా."

"వాడి ఆయుష్షు అంతే" అంది సుసన్నా, వెళ్ళిపోతూ.

అగనేతా కాగితం చదివింది. తన తరవాత పంతొమ్మిది ఇళ్ళు. అన్నిటికంటే కింద హైన్రిఖ్ ఫంక్, లేనా, పాప. తొమ్మిది వారాల పాప పేరు కూడా ఎవరో శ్రద్ధగా రాశారు. ఆమె దాన్ని నాలుగు మడతలు పెట్టి పైబట్ట జేబులో వేసుకుని, పిండి కలపడానికి కూర్చుంది. మొగుడు డీడ్రిఖ్ పొలం నుంచి వచ్చి, "చీటీ వచ్చిందటగా, నేనిచ్చి రానా?" అన్నాడు.

"నేను చూసుకుంటాలే" అంది. అది అబద్ధమా కాదా అని సాయంత్రం దాకా ఆలోచించింది. అబద్ధమేనని తేల్చుకుంది. అయినా జేబులోంచి చీటీ తియ్యలేదు.

అంత్యక్రియల పొద్దున చావింటి కొట్టంలో ట్రాక్టర్లు బయటికి తోలి బల్లలు వేశారు. ఉత్తరపు సగం వచ్చి కూర్చున్నాక కూడా సగం బల్లలు ఖాళీగా ఉన్నాయి. ఎండుద్రాక్ష రొట్టెలు బుట్టల నిండా మిగిలాయి. మార్గరెతా మాటిమాటికీ తలుపు వైపు చూసింది. పిల్లలు వరసగా వచ్చి పేటికలోకి తొంగి చూశారు. వెనక బల్ల మీద రెంపెల్ ఇంటి రెండో పిల్లాడు కళ్ళు ఎర్రగా చేసుకుని తల్లి పైబట్టలో దగ్గుతూనే ఉన్నాడు. అగనేతా వాడికీ మిగతా పిల్లలకూ మధ్య కూర్చుంది. అంతకుమించి ఏం చెయ్యాలో ఆమెకు తెలియలేదు.

ఇస్‌బ్రాండ్ బైబిలు వాక్యం చదివి, ఆగి, ఖాళీ బల్లల వైపు చూశాడు. "రబ్బరు టైర్లు వద్దన్నానని నా మీద కోపం ఉండొచ్చు. చచ్చిన పసిబిడ్డ మీద కూడా చూపించేవాళ్ళుంటారని అనుకోలేదు" అన్నాడు. ఉత్తరపు సగం తలలు ఊపింది.

దక్షిణపు కొసలో ఏడాదిగా ట్రాక్టర్లకు ఇనుప చక్రాలు తీసి రబ్బరు టైర్లు వేసుకుంటున్నారు. రబ్బరు ఉంటే కుర్రాళ్ళు ట్రాక్టరెక్కి పట్నం పోతారని సంఘం కూడదంది. ఆ పుండు ఇంకా పచ్చిగానే ఉంది. ఇస్‌బ్రాండ్ అన్న మాట సాయంత్రానికల్లా దక్షిణపు కొస చేరింది.

మర్నాడు అగనేతా కూతురి ఇంటికి వెళ్ళేసరికి అల్లుడు హైన్రిఖ్ గుమ్మంలో నిలబడి ఉన్నాడు.

"అత్తయ్యా, మిమ్మల్ని పిలిచారా?"

"పిలిచారు."

"మమ్మల్ని పిలవలేదు. గెర్హార్డ్ నా సొంత పెద్దమ్మ కొడుకు. టైర్లు మార్చామని శవాన్ని చూసే యోగ్యత కూడా పోయిందా? పిలవకుండా మానేసి, పైగా మేమే రాలేదని గుంపులో తిట్టడమా? పంతొమ్మిది ఇళ్ళు. ఒక్కరినీ పిలవలేదు."

లేనా పాపను భుజాన వేసుకుని వచ్చింది. "ఆదివారం చర్చిలో ప్రభుబల్ల రొట్టె పంచుతారమ్మా. పగ మనసులో పెట్టుకుని రొట్టె ముట్టుకోలేం కదా. రేపు పొద్దున వాళ్ళింటికే వెళ్ళి ముఖాముఖి అడుగుతాం. అందరూ ఆలూమగలు వెళ్తున్నారు."

 ఎవరి మీద నేరం ఉంటే వాళ్ళ ఇంటికే వెళ్ళి, వాళ్ళ బల్ల దగ్గర కూర్చుని తేల్చుకోవాలి. అది అగనేతాకు ఊహ తెలిసినప్పటి నుంచీ తెలిసిన నియమం. చీటీ మడత పెట్టిన రోజు మాత్రం గుర్తు రాలేదు. ఒక్క పూట దూరం పెడదామనుకుని, పంతొమ్మిది ఇళ్ళనూ తనే ఆ గుమ్మంలోకి తోస్తోంది.

"పాపను నా దగ్గర వదిలెయ్యండి."

"పాలు నువ్విస్తావా?" అని నవ్వింది లేనా.

"నువ్వూ వెళ్ళొద్దు లేనా."

"ఎందుకు వెళ్ళకూడదట?" అన్నాడు హైన్రిఖ్. "ఆ ముసలాయనంటే మీకు భయమైతే మీరుండండి. నాకు లేదు."

అగనేతా చీటీ సంగతి చెప్పకుండానే వెనుదిరిగింది. ఇంటికెళ్ళి మోకాళ్ళ మీద కూర్చుంది. ప్రార్థన సాగలేదు.

పొద్దున గుర్రబ్బళ్ళు కదిలే వేళకు ఆమె వీధి మధ్యలో నిలబడింది. ముందు బండి హైన్రిఖ్‌ది. ఆమె కళ్ళెం పట్టుకుంది.

"తప్పుకోండి అత్తయ్యా."

"వాళ్ళు మిమ్మల్ని పిలిచారు. చీటీ నా దగ్గర ఆగిపోయింది. నేనే ఆపాను." కాగితం తీసి ఇచ్చింది. "చూడు. అందరి పేర్లూ ఉన్నాయి. నీది చివర."

హైన్రిఖ్ చదివాడు. వెనక బళ్ళలోంచి మనుషులు దిగారు. కాగితం చేతులు మారింది.

"మతి పోయిందా మీకు?" అన్నాడు హైన్రిఖ్.

"అది తట్టు. నేను కడిగాను, నా కళ్ళతో చూశాను. వాళ్ళ పిల్లాడు నిన్నగాక మొన్న కొట్టంలో దగ్గుతూ కూర్చున్నాడు."

"మరి ఆ మాట చెప్పొచ్చుగా?"

"చెబితే వెళ్ళడం మానేవాడివా?"

అతను అబద్ధమాడే మనిషి కాదు. "మానను. పిలిచాక వెళ్ళకపోతే మనుషులమా?"

"అందుకే చెప్పలేదు."

రెండో బండి ఆవిడ ముందుకొచ్చింది. "మూడు రోజులుగా మా కడుపులు మండించావు. చచ్చిన పిల్లని అడ్డం పెట్టుకుని ఊరిని ఆడించావు. శవాలు కడిగే చేతులు కదా, బతికున్నవాళ్ళంటే లెక్కుండదు."

ఇంకొకాయన ఆమె కాళ్ళ ముందు ఉమ్మేశాడు. లేనా బండిలోంచి దిగలేదు. పాప తల మీద దుప్పటి లాగి, తల్లి వంక చూడకుండా, "అందరి ముందూ నా పరువు తీశావమ్మా" అంది.

హైన్రిఖ్ గుర్రాన్ని వెనక్కి తిప్పాడు. "పగ ఎవరి మీదో తేలింది. వీధిలోనే ముఖాముఖి అడగడం కూడా అయింది. ఇంక ఆ గుమ్మం ఎక్కాల్సిన పని లేదు" అన్నాడు. బళ్ళన్నీ ఒకదాని వెనక ఒకటి తిరిగాయి. ఆ దుమ్ములో నిలబడి అగనేతా వాటిని లెక్కపెట్టుకుంది. ఒక్కటీ ఉత్తరానికి పోలేదు.

అగనేతా ఆ రోజే మార్గరెతా ఇంటికి వెళ్ళింది. తనకు చిన్నప్పుడే వచ్చిపోయింది కనుక ఆమె వెళ్ళొచ్చు. మార్గరెతా గడప అవతలే నిలబెట్టి మాట్లాడింది. లోపల ఇద్దరు పిల్లలకు మొహాల నిండా పొక్కులు.

"క్షమించమని వచ్చాను. నీకు బల్లలు ఖాళీగా చూపించాను."

"నా బిడ్డ ఒక్కసారే చచ్చింది. ఇప్పుడు నువ్వు పిలుచుకొస్తే వస్తారా జనం దాన్ని చూడ్డానికి?" అని తలుపేసింది.  

గురువారం సోదరుల సభకు పిలిచారు. మగవాళ్ళంతా కూర్చుంటే ఆమె ఒక్కతే నిలబడింది. ఇస్‌బ్రాండ్ అడిగాడు.

"చేసింది తప్పని ఒప్పుకుంటావా?"

"మార్గరెతాకు చేసింది తప్పే. మీ మధ్య లేని పగ పుట్టించాను, అదీ తప్పే. నా మొగుడితో అబద్ధం ఆడాను, అదీ తప్పే."

"చీటీ ఆపడం?"

ఆమె చెయ్యి ఖాళీ జేబు మీదికి పోయింది.

"చీటీ ఆపడానికి నిన్ను ఎవరు నియమించారు?"

"ఎవరూ నియమించలేదు పెద్దయ్యా."

"అయితే తప్పని చెప్పు. ఈ ఆదివారమే అందరితో పాటు కూర్చోవచ్చు."

"నోటితో అనగలను. మనసు అనడం లేదు. దేవుడి ఎదుట అనమంటున్నారు కదా, అందుకని భయంగా ఉంది. నాకు ఇంకొన్నాళ్ళు గడువివ్వండి, ఆలోచించుకుంటాను."

"ఆలోచించాల్సింది చీటీ చేతికొచ్చినప్పుడు" అన్నాడాయన. వెలి వేశారు. చేతులెత్తినవాళ్ళలో హైన్రిఖ్ ఉన్నాడు. డీడ్రిఖ్ ఎత్తనూ లేదు, అడ్డూ చెప్పలేదు. ఇంటికొచ్చాక, వెలివేసిన మనిషితో కలిసి తినకూడదు కనుక, కంచం తీసుకుని కొట్టంలోకి పోతూ, "నన్నొక్క మాట అడిగావా?" అన్నాడు. ఆమె అడగలేదు.

ఉత్తరపు సగంలో పదకొండు ఇళ్ళకు తట్టు పాకింది. సుసన్నా మనవడిని పట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళారు. వాణ్ణి ప్రాణాలతో తిరిగి తీసుకురాలేదు. వాడిని కడగడానికి వేరే ఊరి నుంచి ఎవరినో పిలిపించారు. వెలివేసిన మనిషి చెయ్యి శవానికి కూడా తగలకూడదట. కొట్టంలో ఇస్‌బ్రాండ్ అన్న మాట దక్షిణపు కొస మింగలేకపోయింది, చీటీ సంగతి తేలాక కూడా. మూడు వారాలు ఈ సగం ఆ సగం గడప తొక్కలేదు, చర్చిలోనూ కలిసి కూర్చోలేదు. పంతొమ్మిది ఇళ్ళలో ఒక్కరికీ పొక్కు రాలేదు. ఉత్తరం వాళ్ళు అది దేవుడు తమకు పెట్టిన పరీక్ష అన్నారు. దక్షిణం వాళ్ళు దేవుడు తమ పక్షాన ఉన్నాడన్నారు. దేవుడు ఏ పక్షమో అగనేతాకు తెలియదు. అడుగుతూనే ఉంది.

పిల్లను పాతిపెట్టిన ఇరవై రెండో రోజు పొద్దున, తట్టు పైకి తేలే మూడు వారాల గడువు దాటాక, ఆమె దక్షిణపు కొస దాకా నడిచింది. లేనా కంచె లోపల బట్టలు ఆరేస్తోంది. తల్లిని చూసింది. వెలివేసిన వాళ్ళు ఎదురైతే వీపు తిప్పాలి. లేనా వీపు తిప్పింది.

పాప ఆమె భుజం మీద ఉంది. తల్లి అటు తిరిగేసరికి పాప మొహం ఇటు తిరిగింది. అగనేతా కంచె దగ్గరికి వచ్చి ఆగింది. నుదురు చూసింది, బుగ్గలు చూసింది, చెవి వెనక ఎండ పడేదాకా ఆగి అక్కడా చూసింది. చర్మం నున్నగా ఉంది. పాప నోట్లోంచి పాలు కారి లేనా వీపు మీద పడ్డాయి.

తల్లి కంచె దగ్గర ఉన్నంతసేపూ లేనా పాపను అటు తిప్పుకోలేదు. తడిబట్ట చేతిలోనే ఉంది.