జువ్వ వీపు మీద వేళ్లు

నేల కిందనుంచి పైకి వచ్చిన కుక్క మెడ మీద అరంగుళం వెడల్పున జుట్టు లేదు.

కత్తెర పక్కన పెట్టి చిన్ని వంగి చూసింది. వయసు యాభై దాటినా ఆమె ఇంకా చిన్నే. అక్క పెట్టిన ముద్దుపేరు అలాగే అతుక్కుపోయింది. పార్లరు పెట్టి జుట్టుతోనే బతుకు వెళ్లదీస్తున్న మనిషి. కత్తిరించిందేదో, రాలిందేదో, కాలిందేదో మునివేళ్లతో తాకి చెప్పగలదు. ఇది ఆ మూడూ కాదు. కుదుళ్లతో సహా పీకిన జుట్టు. గాటు లేదు, రక్తం లేదు, చర్మం ఎర్రబడను కూడా లేదు. మెడ మొదలు నుంచి భుజాల దాకా పాపిడి తీసినంత తిన్నగా గీతలా ఉంది. చచ్చిన వెంట్రుకలు మాత్రమే పోయి, అడుగున కొత్తగా మొలుస్తున్న గరుకు జుట్టు మిగిలింది.

అలా పీకడం ఆమెకు తెలిసి అక్కకొక్కదానికే వచ్చు. అక్క పోయి మూడు నెలలైంది.

"ఏంటి, ఆగిపోయావ్?" కుర్చీలో కూర్చున్న బ్యాంకు మేడం అద్దంలోంచి అడిగింది.

"ఏం లేదండీ. కుక్క ఎక్కడో ఒరుసుకున్నట్టుంది."

"నీ కుక్క ఒరుసుకోని గోడ ఈ వీధిలో ఉందా? మొన్న మా మెట్ల కింద సొరంగం తవ్వింది. ఇంకాస్త తవ్వితే మా బ్యాంకు లాకర్లలో తేలేది."

చిన్ని నవ్వి, పని పూర్తి చేసి, చేతి అద్దం పట్టుకుని మేడంకి వెనకవైపు చూపించింది. ఎవరి వెనక వాళ్లకు కనబడదు. అది చూపించకుండా ఎవరినీ కుర్చీలోంచి లేవనివ్వదు. చూపిస్తున్నంతసేపూ ఆమె కళ్లు మాత్రం గోడ వారన నేలలో వదులైన చెక్కపలక మీదే ఉన్నాయి. కుక్క జువ్వ పైకి వచ్చింది అక్కణ్నుంచే.

ఆ ఇంటిది పాత చెక్క నేల. చెక్కకూ మట్టికీ మధ్య మోకాలెత్తు ఖాళీ ఉంటుంది. నీళ్ల గొట్టాలు అందులోంచే పోతాయి. ముందు గది పార్లరు, వెనక గది అక్కది. అక్కచెల్లెళ్లిద్దరికీ ఒకరికొకరు తప్ప ఇంకెవరూ లేరు.

అక్క పని గోదాముల్లో ఎలుకలు పట్టించడం. పిండి, కాగితం, గుడ్డలు, ఏ గోదాములో ఎలుకలు పడ్డా ఆమెకే కబురు వచ్చేది. చంకలో జువ్వని ఇరికించుకుని బయల్దేరేది. జువ్వ వేటజాతి టెర్రియర్. పిల్లి కంటే కాస్త పెద్దది, పొట్టి కాళ్లు, బూట్ల బ్రష్షులాంటి తెల్ల జుట్టు, ఒక చెవి మాత్రం గోధుమరంగు. కన్నాల్లో దూరడానికే పుట్టిన ఒళ్లు. పేరుకు తగ్గట్టు, నిప్పంటించిన తారాజువ్వే.

"దీని నోరు వింటే చాలు, కింద ఏముందో తెలిసిపోతుంది," అనేది అక్క. "ఎలుకైతే అరుపు పరిగెడుతుంది. పెద్ద జంతువైతే అరుపు ఒకేచోట నిలబడిపోతుంది. అసలు అరవలేదంటే, కింద తనకి తెలిసిన మనిషున్నట్టు."

"నేల కింద తెలిసిన మనుషులెవరుంటారక్కా?"

"ఎవరో ఒకరుంటార్లే. నీకెందుకు?"

జువ్వ ఒంటి మీద జుట్టు ముదిరినప్పుడల్లా అక్క దాన్ని ఒళ్లో పడుకోబెట్టుకుని, వేళ్లకు సుద్దపొడి రాసుకుని కూర్చునేది. సుద్ద రాస్తే పట్టు జారదట. మెడ దగ్గర మొదలుపెట్టి, వీపు, పక్కలు, అన్నిటికన్నా చివర తల. చచ్చిన వెంట్రుకలు పీకి పక్కన కుప్ప వేసేది. అరనిమిషం కుదురుగా నిలవని జువ్వ అప్పుడు కళ్లు మూసుకుని పడుకునేది. అదయ్యాక, "రావే, నీ వంతు," అని చిన్నిని ముందు కూర్చోబెట్టుకుని మెడ వెనక తెల్లవెంట్రుకలు పీకేది. "ఊరందరికీ వెనక చూపిస్తావ్. నీ వెనక ఎవరు చూస్తారు?"

పోయే ముందు మంచం మీదనుంచి చెప్పింది రెండే మాటలు. "దాని జుట్టుకి మిషను పెట్టకు. దాన్ని ఎవరికీ ఇవ్వకు."

"సరేలే అక్కా."

"సరేలే కాదు. మాటివ్వు. మిషను పెట్టావో, నేనే వచ్చి పీకుతా."

"మాటిచ్చాను. నువ్వొచ్చి పీకేదేముందిలే," అంది చిన్ని. ఇద్దరూ నవ్వుకున్నారు. అక్కకి నవ్వు దగ్గులోకి తిరిగింది.

అక్క పోయిన కొన్నాళ్లకే చిన్ని మిషను పెట్టింది.

జుట్టు పని తెలిసినవాళ్లు మాత్రమే చేసే తప్పది. కుక్క చూస్తే గడ్డిమేటులా ఉంది, చేతిలో మంచి మిషను ఉంది. ఇన్ని తలలు దిద్దిన చేతికి ఒక కుక్క లెక్కా అనుకుంది. చూస్తుండగానే పట్టులా చేసేసింది. చచ్చిన వెంట్రుకల మొదళ్లు కుదుళ్లలోనే ఉండిపోయాయి. తర్వాత పెరిగిందంతా మెత్తటి దూది. చిన్న చినుకు పడినా చర్మం దాకా తడిసి, జువ్వ పుండ్లు పడేట్టు గోక్కోవడం మొదలుపెట్టింది. పైగా చేయడానికి పని లేదు. గోదాములవాళ్లు ఎలుకల మందు తెచ్చుకున్నారు. దాంతో తలుపు అంచులు, చెప్పులు, తల కడిగించుకోవడానికి వచ్చినవాళ్ల సంచులు, దేన్నీ కొరక్కుండా వదలలేదు. వచ్చేవాళ్లు తగ్గారు.

పశువుల డాక్టరు చూసి పెదవి విరిచాడు. "దీని జబ్బులో సగం మీ మిషను, సగం నిరుద్యోగం. పరుగు కావాలి, వాసన పట్టి వెతికే పని కావాలి, తవ్వుకోవడానికి చోటు కావాలి. ఇది సోఫా మీద కూర్చునే జాతి కాదమ్మా. ఆ జుట్టు చేత్తో పీకితే గానీ దురద పోదు. ఆ విద్య మీ అక్కగారిది, నాకు రాదు."

చిన్ని పెరట్లో ఇసుకపెట్టె కట్టించి, అందులో చిరిగిన తువ్వాళ్లు పాతిపెట్టింది. జువ్వ అన్నిటినీ తవ్వి బయట పడేసి, ఇంతేనా అన్నట్టు చూసింది. జుట్టు పీకబోతే కుయ్యిమని చెయ్యి కరిచింది. ఆమె ఓపిక అయిపోయింది. సరిగ్గా అప్పుడే ఊరి బయట ఉన్న తోట మేనేజరు జుట్టుకి రంగు వేయించుకోవడానికి వచ్చాడు.

"నాకిచ్చెయ్యమ్మా," అన్నాడు. "మా తోటలో నక్కలు, ముళ్లపందులు కన్నాలు పెడుతున్నాయి. లోపలికి వదులుతా."

ఇంతకుముందు కూడా అలాంటి కుక్కలు రెండు తెచ్చాడట. అవేమయ్యాయని చిన్ని అడిగింది.

"లోపలికి వెళ్లాయి," అన్నాడు మేనేజరు, రంగు పడకుండా కళ్లు గట్టిగా మూసుకుని. "రాలేదు."

అయినా ఆమె సరేనంది. ఆ మర్నాడే జువ్వ మెడ మీద గీత కనబడింది. దాన్ని తీసుకెళ్లడానికి మేనేజరు రేపు వస్తాడు.

బ్యాంకు మేడం వెళ్లాక జువ్వ మళ్లీ పలక ఎత్తుకుని కిందికి దూరింది. చిన్ని తలుపు గడియ వేసి, చెవి నేలకు ఆనించింది. అరుపు లేదు. టప్, టప్ మని తోక చెక్కకి కొట్టుకుంటున్న చప్పుడు మాత్రం వస్తోంది. అది వెనక గది కిందనుంచి, సరిగ్గా అక్క మంచం ఉండే చోటునుంచి. దానితో పాటు ఇంకో చిన్న చప్పుడు, ఎండుగడ్డి తుంచుతున్నట్టు. ఆ చప్పుడు వింటూ ఎన్నో మధ్యాహ్నాలు ఆమె కునుకు తీసింది.

జువ్వ పైకి వచ్చేసరికి గీత తోక మొదలు దాకా సాగింది. జుట్టులో తెల్లటి పొడి. వేలితో తీసి వాసన చూసింది. సుద్ద. అక్క పోయాక ఆ సుద్ద డబ్బాని చిన్ని తన చేతులతోనే పారేసింది.

దొంగెవడో కింద చేరి ఉంటాడనుకుంది. దొంగే అయితే బాగుండుననిపించింది. టార్చి వేసి తల లోపలికి పెట్టి చూసింది. దుమ్ములో జువ్వ కాళ్ల గుర్తులు తప్ప ఇంకేం లేవు. గొట్టాల మధ్య సాలెగూళ్లు కుక్క దూరినంత మేరే తెగి ఉన్నాయి. మనిషన్నవాడు ఆ దారిన పోలేదు. వెలుతురు అందీ అందని చోట, వెనక గది కింద, తెల్లటి జుట్టు చిన్న కుప్పగా పేర్చి ఉంది.

చిన్ని పలక మూసి మీద స్టూలు పెట్టింది. జువ్వ ఆ స్టూలు పక్కనే కూర్చుని, పిలిచినా రాకుండా, తిండి కూడా ముట్టకుండా ఉండిపోయింది.

మర్నాడు పొద్దున మేనేజరు గొలుసు పట్టుకుని వచ్చాడు. ఆ గలగల వినగానే జువ్వ స్టూలు పడదోసి, ముక్కుతో పలక లేపి మాయమైంది.

"పిలవమ్మా."

"జువ్వా. ఏయ్ జువ్వా." రాలేదు.

"ఈ జాతి టక్కులు నాకు తెలుసు. పొగ పెట్టామంటే చచ్చినట్టు వస్తుంది."

"పొగ వద్దండీ. నేను లాగుతా."

నేల మీద బోర్లా పడుకుని, చెయ్యి భుజం దాకా లోపలికి చాచింది. జువ్వ దూరం పోలేదు. చేతికి వీపు తగిలింది. వెచ్చగా ఉంది, వణుకు లేదు. భయపడి దాక్కున్న కుక్క ఒళ్లు అలా ఉండదు. మెడ పట్టుకుని లాగుదామని చెయ్యి ముందుకు జరిపింది.

అక్కడ ఇంకో చెయ్యి ఉంది.

చల్లగా, పొడిగా ఉంది. మునివేళ్ల మీద సుద్ద గరుకు. తన చెయ్యి వెనక్కి తీసుకుందామంటే భుజం మాట వినలేదు. ఆ వేళ్లు ఆమె బొటనవేలిని పట్టుకున్నాయి. చూపుడువేలిని పట్టుకున్నాయి. రెండింటినీ దగ్గరకు చేర్చి నాలుగైదు వెంట్రుకల కొసల మీద పెట్టాయి. మొదళ్ల దగ్గర కాదు, కొసల దగ్గర. ఇన్నాళ్లూ తను పట్టుకుంటున్న చోటే తప్పన్నమాట. తర్వాత జుట్టు వాలిన వైపుకే, మణికట్టు మెలి తిప్పకుండా, మెల్లగా లాగాయి. వెంట్రుకలు వెన్నలోంచి వచ్చినంత తేలిగ్గా వచ్చేశాయి. జువ్వ తోక చెక్కకి కొట్టుకుంది. మళ్లీ పట్టించి లాగించాయి. మళ్లీ. ఆ తర్వాత వేళ్లు వదిలేశాయి. చిన్ని తనంతట తనే పీకింది. జువ్వ కరవలేదు.

"దొరికిందా?" పైనుంచి మేనేజరు గొంతు.

"దొరికింది." ఆమె లేచి కూర్చుంది. "కానీ ఇవ్వనండీ."

"ఏంటమ్మా, తమాషాగా ఉందా? మాటిచ్చావు కదా."

"మీకన్నా ముందు ఇంకొకరికిచ్చానండీ. మర్చిపోయాను."

మేనేజరు ఏదో అనబోయి ఆమె చెయ్యి చూశాడు. మణికట్టు దాకా తెల్లగా ఉంది. ఆ తెలుపు మీద ఆమెవి కాని వేలిముద్రలు ఉన్నాయి. గొలుసు జేబులో కుక్కుకుని, రంగు సంగతి తర్వాత చూద్దామని గొణుగుతూ మెట్లు దిగాడు.

చిన్ని సుద్ద కొనుక్కొచ్చింది. జువ్వని ఒళ్లో వేసుకుని రోజూ కాసేపు కూర్చుని పక్కలు, కాళ్లు పూర్తి చేసింది. అన్నిటికన్నా చివర తల. పుండ్లు మానాయి. పిండి గోదాము యజమానిని బతిమాలి మందు మానిపించి, పొద్దున్నే జువ్వని అక్కడికి తీసుకెళ్లడం మొదలుపెట్టింది. మొదటి రోజు దాని అరుపు బస్తాల వెనక అటూ ఇటూ పరిగెడుతుంటే నిలబడి విన్నది. ఎలుకలే. ఆ అరుపు అంత హాయిగా ఆమెకెప్పుడూ వినబడలేదు. ఇంటికొచ్చాక జువ్వ దేన్నీ కొరకలేదు. నాలుగు కాళ్లూ చాపి గురకపెట్టింది.

నేల కిందికి కూడా పోలేదు. వచ్చినవాళ్లు పని ముగించుకుని వెళ్లిపోయి ఉంటారని చిన్ని అనుకుంది. వడ్రంగిని పిలిచి పలకకి మేకులు కొట్టించింది.

ఒక సాయంత్రం బ్యాంకు మేడం కొసలు కత్తిరింపించుకుని, లేస్తూ లేస్తూ చిన్ని మెడ వైపు చూసింది. "నీ తలెవరు చూస్తున్నారు?"

"నాకెవరున్నారండీ?"

"భలేదానివే. అంత శుభ్రంగా ఎవరు తీశారో చెప్పు, నేనూ వెళ్తా. ఉండు, చూపిస్తా. రోజూ మాకు చూపించడమేనా?"

మేడం చేతి అద్దం తీసుకుని వెనక పట్టుకుంది. పెద్ద అద్దంలో చిన్ని తన వెనకవైపు చూసుకుంది. మెడ మొదలు నుంచి పైకి, అరంగుళం వెడల్పున, పాపిడి తీసినంత తిన్నగా ఒక గీత. తెల్లవెంట్రుకలు మాత్రమే పోయాయి. మిగిలిన నల్లవాటి మీద సన్నటి తెల్ల పొడి.

మేడం వెళ్లిపోయింది. చిన్ని తలుపు గడియ పెట్టి తిరిగి చూసేసరికి, జువ్వ మేకులు కొట్టిన పలక ముందు కూర్చుని తోక ఆడిస్తోంది.

ఆమె మిషను వైరు చుట్టి పెట్టె అడుగున పడేసింది. సుత్తి తెచ్చి మేకులు ఒక్కొక్కటే ఊడబీకింది. పలక పక్కకు జరిపి, ఆ చీకటికి వీపు పెట్టి నేల మీద కూర్చుంది. జడ విప్పి, మెడ కనబడేట్టు ముందుకు వేసుకుంది.

"సరే అక్కా," అంది. "నా వంతు."

సుద్ద వాసన మెల్లగా దగ్గరకు వచ్చింది. జువ్వ అరవలేదు.