కిటికీలోంచి విసిరిన సీటు

నేను ఒక వీపు సంచిని. పుట్టుకతో కాదు. అంతకుముందు ఎర్రబస్సులో సీటును. అదీ మామూలు సీటును కాదు, పైన ‘స్త్రీలకు మాత్రమే’ అని రాసి ఉన్న సీటును. ఆ అక్షరాల కింద నా మీద కూర్చున్నవాళ్లలో సగం మంది మగవాళ్లే. చదువు రానివాడు తెలియక కూర్చునేవాడు. చదువు వచ్చినవాడు కళ్లు మూసుకొని నిద్ర నటించేవాడు. చంకలో బిడ్డతో ఒక తల్లి రాడ్డు పట్టుకొని వేలాడుతుంటే వీడికి గురక కూడా వచ్చేది.

వాళ్లను లేపడానికి ఒక మనిషి ఉండేది. కండక్టరు కొమురమ్మ.

“ఓ పెద్దమనిషీ, నీ పేరు లక్ష్మా, సరస్వతా? ఏ పేరు మీద గొట్టాలె టికెట్?” అని బస్సంతా వినబడేలా అడిగేది. గురక ఆగిపోయేది. అడగకుండా, అరవకుండా ఈ దేశంలో ఆడదానికి జానెడు సీటు కూడా దొరకదని నేను పుస్తకాల్లో చదవలేదు. నా మీదే జరిగింది.

మగవాళ్ల కంటే ఆమెకు పెద్ద శత్రువు టవలు. బస్సు స్టాండులోకి మళ్లితే చాలు, కిటికీల్లోంచి టవళ్లు, సంచులు, టిఫిను డబ్బాలు వచ్చి నా మీద పడేవి. ఒకసారి ఒక పసిపిల్లనే దింపారు. ఎవరిది ముందు పడితే సీటు వాళ్లదట. ఏ రాజ్యాంగంలో ఉంది? కొమురమ్మ వాటన్నిటినీ ఏరి, డ్రైవరు పక్కన ఇంజను మీద కుప్ప పోసేది.

“టవలేస్తే సీటు నీదైతదా? అట్లయితే రేపు కలెక్టరు కుర్సీల గూడ ఏస్తవ్!”

బస్సు తుక్కు కిందికి పోయిన ఏడే ఆమె రిటైరైంది. డిపోలో సీట్లు కుట్టే ఓదెలు నా ఒంటి మీది మంచి రెగ్జిను కోసి, దబ్బనంతో పొడిచి పొడిచి నన్ను సంచిగా చేసి ఆమె చేతిలో పెట్టాడు. సన్మానం నాడు శాలువలు చాలానే వచ్చాయి. పనికొచ్చింది నేనొక్కదాన్నే.

“ఇగ నువ్వు కూసునుడే అక్కా,” అన్నాడు ఓదెలు.

“కూసున్నోడు ఎవడు బాగుపడ్డడురా?” అంది ఆమె.

నిజంగానే కూర్చోలేదు. భూమిని ఎన్నిసార్లు చుట్టినంత దూరమో తిరిగిన మనిషి చూసినవి రెండే ఊళ్లు, జగిత్యాల, కరీంనగర్. ఆఖరి స్టాపు ఏదో ముందే తెలియని ప్రయాణం ఒక్కటి చెయ్యాలని ఆమెకు దురద. తోడుగా అదే డిపోలో కండక్టరు చేసిన జుబేదాను లేవదీసింది. జుబేదా ఉద్యోగమంతా తన జీతం మీదే బతికింది. ఐనా గడప దాటాలంటే ఆమె అన్న ఒప్పుకోవాలి. ఇదీ మనుషుల లెక్క.

“ఇద్దరు ముసలోళ్లు సంచులేసుకొని దేశాలు తిరుగుతరా?” అన్నాడాయన. “పాస్‌పోర్టులు పోగొట్టుకొని నాకు ఫోన్ జేసి ఏడుస్తరు, సూడు. సక్కగ తిరిగొస్తె మల్ల పొమ్మంట. లేకుంటె గిదే ఆఖరు.”

అందుకే కొమురమ్మ ఇద్దరి పాస్‌పోర్టులూ నా కడుపులో పెట్టి జిప్పు లాగింది. “నా దగ్గరుంటే బ్యాంకుల ఉన్నట్టే,” అంది.

బ్యాంకాక్‌లో దిగారు. ఎండ మన ఎండే, చెమట మాత్రం రెండింతలు. ఎయిర్‌పోర్టు రైలు దిగి, ఊళ్లోని బస్సులన్నీ వచ్చి చుట్టు తిరిగిపోయే ఒక పెద్ద రౌండు దగ్గరికి వచ్చారు. అరుపులు, హారన్లు, వేయించిన మిరపకాయల ఘాటు. అర్థమయ్యే అక్షరం ఒక్కటీ లేదు. ఏ బస్సు ఎక్కాలో తెలియక, నిలబడనూ లేక, ఇద్దరూ ఈ కొస నుంచి ఆ కొసకు తిరుగుతూనే ఉన్నారు. వీపు మీద నాకూ నిలకడ లేదు.

అప్పుడొచ్చింది ఎర్రబస్సు. కిటికీలన్నీ తెరిచి, నిండా జనంతో, అచ్చం మన బస్సే. కొమురమ్మకు ఏం పూనిందో, నన్ను వీపు నుంచి ఊడబెరికి, గాలిలో ఒక్క ఊపు ఊపి, కిటికీలోంచి ఖాళీ సీటు మీదికి విసిరింది. జన్మంతా టవళ్లు ఏరి పారేసిన మనిషి! తర్వాత ఎక్కడానికి వెనక తలుపు దగ్గరికి పరుగెత్తింది. ఆ బస్సుకు వెనక తలుపే లేదు. తలుపు నడుమన ఉంది. ఆమె అది చూసేలోపే బస్సు కదిలిపోయింది.

జన్మంతా టవళ్లు మోసిన సీటును, చివరికి నేనే టవలునయ్యాను.

తలుపు పక్కన నేను పడిన సీటు బౌద్ధ సన్యాసులకు కేటాయించినదట. గోడ మీద కాషాయ వస్త్రాల బొమ్మ ఉంది. తర్వాతి స్టాపులో ఒక సన్యాసి ఎక్కాడు. నన్ను చూశాడు, నవ్వాడు, పక్క సీట్లో కూర్చున్నాడు. నా జీవితంలో మొదటిసారి ఒక మగవాడు నా మీద కూర్చోకుండా, నన్ను నలపకుండా పక్కకు జరిగాడు.

మిగతావాళ్లు మాత్రం ముఖాలు తిప్పుకొని దూరం జరిగారు. దిక్కులేని సంచి అంటే ఏ దేశంలోనైనా భయమే. కండక్టరమ్మ వచ్చింది. చేతిలో చిల్లర, టికెట్లు దాచే ఇనుప గొట్టం, దాని మూత టకటకలాడిస్తూ. జిప్పు కొంచెం లాగి చూసింది, పాస్‌పోర్టుల అంచు కనబడగానే మూసేసింది. నన్ను తీసుకెళ్లి డ్రైవరు పక్కన ఇంజను మీద పెట్టింది. సరిగ్గా కొమురమ్మ టవళ్ల కుప్ప పోసే చోట.

అక్కడ రౌండు దగ్గర జరిగింది జుబేదా తర్వాత ఎన్నిసార్లు చెప్పిందంటే, నేను చూసినట్టే చెప్పగలను.

“ఏం జేసినవే అక్కా! రెండూ అందులనే ఉన్నయ్. భాయ్‌కి ఫోన్ జేస్త.”

“చెయ్యి. చేసినంక నువ్వు జన్మల జగిత్యాల దాటవు.”

“మరేం జేద్దాం?”

“బస్సు ఆకాశంల కలుస్తదా? ట్రిప్పు ముగించుకొని మల్ల ఈడికే రావాలె. నేను పోయిన తొవ్వనే రాలే, ఇన్నేండ్లు?”

“అది నువ్వు. ఆమె నీ తీరుంటదా?”

“దొరికిన సామాను ఉంచుకుంటే ఆమె కండక్టరే కాదే.”

కొమురమ్మ నోరు అలా అంటోంది గానీ, చేయి కొంగు కొసను వేలికి చుడుతోంది, విప్పుతోంది. ఎర్రగా ఏది కనబడినా ఇద్దరూ లేచి ఉరుకుతున్నారు. పోలీసు ఒకాయన వచ్చి పక్కకు జరగమన్నాడు. జరిగారు, పక్కనున్న స్తంభం చుట్టు తిరిగి మళ్లీ అక్కడికే వచ్చారు.

పొద్దు వాలుతుండగా మా బస్సు రౌండు తిరిగింది. కండక్టరమ్మ నన్ను చంకలో పెట్టుకొని తలుపులో వేలాడుతూ జనంలో వెతుకుతోంది. కొమురమ్మ చేయెత్తి రోడ్డు మీదికే దూకింది. బ్రేకు కీచుమంది.

ఇక తిట్లు! కండక్టరమ్మ కిటికీ చూపించింది, విసరడం చూపించింది, సన్యాసి బొమ్మ చూపించింది. ఒక్క ముక్క భాష అర్థం కాలేదు. ఒక్క తిట్టూ అర్థం కాకుండా పోలేదు. అవన్నీ మా బస్సులో టవళ్లు వేసినవాళ్లు కొమురమ్మ చేత తిన్నప్పుడు నేను విన్నవే.

“తప్పే తల్లీ, తప్పే,” అంటూ కొమురమ్మ తల వంచింది.

“ఇంకో నాలుగు తిట్టమ్మా,” అంది జుబేదా, కళ్లు తుడుచుకుంటూ. “జన్మంత మందిని తిట్టింది ఈమె. ఇయ్యాల అసలుతో పాటు మిత్తి గూడ ముట్టాలె.”

ఇద్దరినీ ఎక్కించుకుంది బస్సు. కొమురమ్మ నన్ను గుండెకు అదుముకొని, ఎదురుగా కనబడ్డ సీట్లో కూలబడింది. టక్, టక్. ఇనుప గొట్టం ఆమె నెత్తి మీదే మోగింది. తల ఎత్తి చూసింది. కాషాయం బొమ్మ. కింద రాసింది చదవడం రాదు. అది ఏం చెబుతుందో ఆమె కంటే బాగా ఎవరికి తెలుసు? నిద్ర నటించలేదు. మారు మాట్లాడకుండా లేచి రాడ్డు పట్టుకుంది.

“టవలేసినవ్ గదనే, కూసో!” అంది జుబేదా.

“నోర్ముయ్.”

జుబేదా ఫోను మోగింది. అన్న.

“ఆ భాయ్, దిగినం. పాస్‌పోర్టులా? పైలంగున్నయ్. బస్సుల సీటు గూడ దొరికింది.”

ఇద్దరూ నిలబడే ఉన్నారు. బస్సు కుదుపుకు ఒకరి మీద ఒకరు పడి నవ్వుకుంటున్నారు. ఫోను పెట్టేశాక జుబేదా అడిగింది, “ఇంతకు ఇది యాడికి పోతదే అక్కా?”

కొమురమ్మ కిటికీలోంచి ఆ తెలియని అక్షరాల ఊరిని చూసింది.

“తెల్వది,” అంది.

బస్సులో నిలబడి ఆమె ఆ మాట అనడం నేను వినడం అదే మొదటిసారి.