గుంటూరు పోయొచ్చిన గడ్డి

మగ్దలీనమ్మ చేసిన తప్పులు రెండు. పోయినేడు మశూచి టీకాల సుబ్బయ్య మార్కాపురం వస్తున్నాడని వినగానే కూతురు రూతమ్మను జొన్నల గాదెలో దాచేసింది. పసిదాని చేతికి గాటు పెడుతుంటే చూస్తూ ఊరుకోవడానికి ఆమె ఏమన్నా రాయా? అదొకటి. రెండోది నిన్న సాయంత్రం చేసింది.

ఆమె హిదాయతుల్లా పలకల కార్ఖానాలో పెట్టెలు సర్దే మనిషి. పలకలు పగలకుండా చుట్టూ బోదగడ్డి కూరుతుంది. గుంటూరు దుకాణాలవాళ్ళు పలకలు తీసుకుని, ఖాళీ పెట్టెలను ఆ గడ్డితో సహా రైల్లో తిప్పి పంపుతారు. అలా వచ్చిన పెట్టెలోంచి మోపెడు గడ్డి తెచ్చి, చలికాలం గదా అని రూతమ్మకు పక్క వేసింది. తెల్లారేసరికి పిల్ల ఒళ్ళంతా దద్దుర్లు. అదే పొద్దున కబురొచ్చింది, గుంటూరులో ఆ దుకాణాల వీధంతా మశూచి అని.

మగ్దలీనమ్మ, నా చేతులతోనే తెచ్చి బిడ్డ కింద పరిచానే అని గుండె బాదుకుంది.

హిదాయతుల్లా పరుగున పోయి, టీకాలు వేయడానికి ఊళ్ళోకి వచ్చి ఉన్న సుబ్బయ్యను వెంటబెట్టుకొచ్చాడు. సుబ్బయ్య పిల్ల నుదురు తాకి చూశాడు.

"జరం లేదు. మశూచి తగిలినా పది పన్నెండు దినాలకు గాని బయటపడదమ్మా, ఒక్క రాత్రిలో రాదు. అయినా రోగి గుడ్డపేలిక ఏదన్నా గడ్డిలో చుట్టుకొచ్చిందేమో చూడాల," అని పక్కలోకి మోచేతిదాకా చెయ్యి దూర్చి కెలికాడు. గుడ్డ దొరకలేదు. చెయ్యి తీసి గోక్కున్నాడు. ఇంకాస్త గట్టిగా గోక్కున్నాడు. ఆ చేత్తో మెడ తడుముకుంటే మెడ మీదా దురద మొదలైంది.

"ఏందమ్మా ఇది? ఈ గడ్డి ఏడది?"

"గుంటూరుది గదయ్యా."

"ఎవురు కోసినారు?"

మగ్దలీనమ్మకు అప్పుడు తట్టింది. కోసింది తనే. పోయిన నెల నల్లమల అంచున, తన కొడవలితోనే. గడ్డిలో దురదగొండి కాయ ఒకటి వచ్చినట్టుంది. పోయేటప్పుడు కాయగానే ఉంది, బండి కుదుపులకీ రైలు కుదుపులకీ నలిగి నూగై తిరిగొచ్చింది. గడ్డి పనికి మొద్దుబారిన ఆమె చేతులకు అది తెలియలేదు. గుంటూరు నుంచి వచ్చిన పెట్టెలో ఉన్నదంతా గుంటూరుదే అనుకుంది పిచ్చిది.

"మన దురదగొండేనయ్యా," అంటూ ఏడుస్తూనే నవ్వేసింది. హిదాయతుల్లా "యా అల్లా" అని గోడకు చేరగిలబడ్డాడు. పిల్లకూ సుబ్బయ్యకూ కలిపి ఒకే తట్టలోంచి పేడ తీసి, నూగు ఊడొచ్చేలా పూసి కడిగారు.

"గడ్డంతా కాల్చేయండి. నిజంగానే ఏదన్నా అంటుకొచ్చినా ఇప్పుడు టీకా వేస్తే ఆపుతాది. ఈ దురద చేత్తో గాటు పెట్టలేను, సాయంకాలం వస్తా," అని సుబ్బయ్య లేవబోయాడు.

మగ్దలీనమ్మ గడపకు అడ్డంగా కూర్చుంది.

"పోబాక నాయనా. సాయంకాలానికి నాకు మళ్ళ భయమేసి బిడ్డను దాచిపెడతానేమో. దురద తగ్గేదాకా ఈడనే కూచో."

సుబ్బయ్య గోక్కుంటూ కూర్చున్నాడు. ఆమె రూతమ్మను ఒళ్ళోకి లాక్కుని, రవిక చేతిని భుజందాకా మడిచి పట్టుకుంది.