హెలెన్ కోసం అమ్మ చెప్పిన రెండు సాక్ష్యాలు

మా చర్చిలో సాక్ష్యం చెప్పడానికి ఎవరికైనా ఐదే నిమిషాలు. ఐదు నిమిషాల్లో ఆపినవాళ్లను నేనింతవరకు చూడలేదు. వీసా స్టాంపింగ్ అయిందనో, స్కాన్ రిపోర్ట్ క్లియర్‌గా వచ్చిందనో మొదలుపెట్టి, పుట్టినప్పటి నుంచీ చెప్పుకొస్తారు. వాషింగ్టన్ దగ్గర షాంటిలీలో ఒక స్కూలు కెఫెటీరియా అద్దెకు తీసుకుని ఆదివారం ఆరాధన జరుపుకుంటాం. వెనక బల్ల మీద లాప్‌టాప్ పెట్టుకుని యూట్యూబ్ లైవ్ నడిపే పని నాది. ఆ రోజు కూడా సాక్ష్యాలే కదా అని ఫోన్‌లో గ్రోసరీ లిస్టు రాసుకుంటున్నాను. మైకు మా అమ్మ చేతిలో ఉందని తలెత్తి చూసేసరికే ఆలస్యమైపోయింది.

"నలభై ఆరేళ్ల కిందట యానాంలో ఒక అబద్ధం రాశాను," అంటోంది అమ్మ. "పురుళ్ల వార్డులో నర్సుని అప్పుడు. వానాకాలం, మధ్యాహ్నం పూట. ఇద్దరు తల్లులు. ఒకావిడ భర్తది ఫ్రెంచి పింఛను, ఇద్దరూ ఫ్రెంచి జాతీయులు. ఆవిడకి బిడ్డ చచ్చి పుట్టింది. రెండో మంచం మీద పెళ్లికాని పిల్ల, పదిహేడేళ్లది. దాని బిడ్డ బతికింది, అది పోయింది. నేను ఆ బతికిన బిడ్డని తీసుకెళ్లి ఈవిడ పక్కలో పడుకోబెట్టి, రిజిస్టరులో ఈవిడ బిడ్డే అని రాసేశాను. ఆ పిల్లే ఇప్పుడు ఫ్రాన్సు దేశాన్ని ఏలబోతోంది. ప్రభువుకు స్తోత్రం!"

"స్తోత్రం!" అని చర్చి అంతా అరిచింది. లైవ్‌లో నలభై ఒక్కమంది చూస్తున్నారు. కట్ చేశాను.

అమ్మ పేరు చెప్పలేదు నిజమే. కానీ ఆ పేరు మా ఇంట్లో నాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఉంది. హెలెన్ ప్రకాశం. మూడు నెలల పిల్లగా ఫ్రాన్సు వెళ్లింది. తండ్రి ప్రకాశంగారు ఫ్యాక్టరీ గేటు దగ్గర వాచ్‌మన్‌గా చేసేవాడు, తల్లి ఇస్త్రీ దుకాణంలో. బతికున్నంతకాలం ఆయన ప్రతి క్రిస్మస్‌కి అమ్మకి ఉత్తరం రాసేవాడు. ఏం జరిగిందో తెలిసింది ఆయనకీ అమ్మకీ, తర్వాత నాకూ, అంతే. ఆయన భార్యకి కూడా తెలియదు. పాపకి పళ్లొచ్చాయి, పాప లా చదువుతోంది, పాప ఉద్యోగాలు పోయిన కూలీల తరఫున కేసులు వాదిస్తోంది. ఉత్తరాలు ఆగాక అమ్మ యూట్యూబ్ పట్టుకుంది. హెలెన్ ముప్ఫై మూడేళ్లకి మేయర్ అయింది, తర్వాత పార్లమెంటు, తర్వాత కార్మిక శాఖ మంత్రి. సొంత ప్రభుత్వమే ఒక ఫ్యాక్టరీ మూయిస్తుంటే మంత్రి పదవి మొహాన కొట్టి బయటికొచ్చింది. ఆ రోజు మా అమ్మ పక్కింటివాళ్లకి కూడా పాయసం పంచింది, ఎందుకో చెప్పకుండా.

ఇప్పుడు హెలెన్ దేశాధ్యక్ష పదవికి పోటీ చేస్తోంది. ఆవిడ అసలు ఫ్రెంచిదేనా అని ప్రత్యర్థులు ప్రతి సభలోనూ అడుగుతున్నారు. ప్రతి సభలోనూ ఆవిడ ఎడమచేత్తో ఒక కాగితం పైకెత్తి చూపిస్తుంది. "యానాంలో పుట్టాను. ఫ్రెంచి తల్లిదండ్రులకు పుట్టాను. ఇదిగో కాగితం." ఆ కాగితం మా అమ్మ రాసిన రిజిస్టరు నుంచి తీసిన నకలు. అది అబద్ధమని తేలితే లాయర్లు ఏమంటారో నాకు తెలియదు గానీ, ఆ సభల్లో జనం ఏమంటారో తెలుసు. ఆవిడ బతుకంతా ఒక్క వారంలో నేలమట్టం చేసేస్తారు.

కార్లో అమ్మ మీద విరుచుకుపడ్డాను. "నీకేమైనా మతి పోయిందా అమ్మా? ఎందుకు చెప్పావ్?"

"మోయలేకపోయానే. ఎనభై దాటాను. ఆ ఒక్క అబద్ధంతో దేవుడి ముందుకి ఎలా వెళ్లమంటావ్? అయినా పేరు చెప్పలేదుగా."

"పేరు చెప్పాలా? యానాం నుంచి వెళ్లి ఫ్రాన్సుని ఏలబోయేవాళ్లు వీధికొకరున్నారా?"

అమ్మ సంగతి నాకు తెలుసు. డల్లెస్ ఎయిర్‌పోర్టులో ఎవరూ అడక్కుండానే సంచిలో ఎండురొయ్యలున్నాయని చెప్పి చెత్తబుట్టలో వేయించుకున్న మనిషి. జన్మలో ఒక్క అబద్ధం ఆడింది, అది కాస్తా ఆదివారం పూట కక్కేసింది.

ఇంటికెళ్లగానే లైవ్ వీడియో డిలీట్ చేశాను. హమ్మయ్య అనుకున్నాను. సైలస్‌ని మర్చిపోయాను. సైలస్ మా చర్చిలోనే ఉంటాడు, నలభై ఏళ్లవాడు, సాఫ్ట్‌వేర్ టెస్టర్. మంచి సాక్ష్యాలు ఫోన్‌లో తీసి, చిన్న ముక్కలుగా కోసి, మ్యూజిక్ పెట్టి గ్రూపుల్లోకి వదలడం అతని పరిచర్య. సాయంత్రం నాలుగింటికి నాకే వచ్చింది ఆ క్లిప్పు. ఒక పక్క మా అమ్మ. రెండో పక్క, ఓరి నాయనో, హెలెన్ ప్రకాశం ఫొటో!

"సైలస్, అది వెంటనే డిలీట్ చెయ్యి!"

"ఎందుకక్కా? టూ థౌజండ్ వ్యూస్ దాటింది! ఆంటీ చెప్పింది ఈవిడ గురించే కదా, గూగుల్ చేసి నేనే ఫొటో యాడ్ చేశాను."

"డిలీట్ చెయ్యమన్నానా!"

చేశాడు పాపం. కానీ అప్పటికే అది కాకినాడ వెళ్లింది, యానాం వెళ్లింది, ఎక్కడికి వెళ్లిందో ఎవరికి తెలుసు. సోమవారం నుంచి నాకు అన్నం సయించలేదు. ఆఫీసులో మీటింగ్ మధ్యలో కూడా హెలెన్ పేరు సెర్చ్ చేస్తున్నాను. బుధవారం దాకా ఏమీ లేదు.

గురువారం మధ్యాహ్నం వాషింగ్టన్ నంబర్ నుంచి ఫోన్ వచ్చింది. ఒక ఫ్రెంచి పత్రికకి అక్కడ పనిచేసే విలేఖరట. ఎంత మర్యాదగా మాట్లాడిందో! మీ అమ్మగారు యానాంలో నర్సుగా చేశారా, ఏ సంవత్సరాల్లో, ఆ వీడియో ఎందుకు తీసేశారు అని ఒక్కొక్కటే అడిగింది. మా అమ్మకి ఒంట్లో బాగాలేదన్నాను. అయ్యో అలాగా, పర్లేదు, ఆదివారం చర్చికి వస్తాను, తెలుగు తెలిసిన అమ్మాయిని తోడు తెచ్చుకుంటాను అంది. చర్చికి రావద్దని ఎవరిని అనగలం?

"ఆదివారం మనం వెళ్లొద్దు," అన్నాను అమ్మతో.

"వెళ్లకపోతే నిజమే అనుకోరా?"

"వెళ్తే ఏం చెప్తావ్?"

అమ్మ టీవీ వైపు చూస్తోంది. హెలెన్ సభ. కాగితం పట్టుకున్న ఎడమచెయ్యి పైకి లేచింది. "ఆపవే," అంది అమ్మ ఎప్పటిలాగే, నేను ఆపాను. చిటికెనవేలి పక్కన శనగగింజంత బుడిపె. హెలెన్ ఆరో వేలితో పుట్టింది. ఎముక లేని చిన్న వేలు. దాన్ని అమ్మే దారంతో బిగించి కట్టింది, వారానికి రాలిపోయింది. బుడిపె మిగిలింది. ఆ చెయ్యి చూసినప్పుడల్లా అమ్మ తన చిటికెనవేలి పక్కన బొటనవేలితో రుద్దుకుంటుంది. ఆ మాట మాత్రం సాక్ష్యంలో చెప్పలేదు, ప్రకాశంగారి ఇంట్లోవాళ్లకీ నాకూ తప్ప ఎవరికీ తెలియదు.

"ఆ విలేఖరి పుట్టుమచ్చలేమైనా ఉన్నాయా అని అడిగితే?" అన్నాను.

"దేవుడి ఇంట్లో నన్ను ఏం చెప్పమంటావే?" అంది అమ్మ. ఈవిడ నిజమే చెప్తుంది, బుడిపెతో సహా చెప్తుంది అనుకున్నాను.

ఆదివారం విలేఖరి రెండో వరసలో కూర్చుంది. పక్కన స్మృతి అనే కాలేజీ పిల్ల, ఇక్కడే పుట్టి పెరిగింది. చర్చిలోకి వెళ్లే ముందు అమ్మ నా మణికట్టు పట్టుకుంది. "లైవ్ ఆపకు. ఏం జరిగినా ఆపకు," అంది. పాటలయ్యాయి, వాక్యం అయింది. పాస్టర్ సుందర్ రాజ్‌గారు సాక్ష్యాలు అనగానే అమ్మ లేచింది. మౌస్ మీద నా వేలు ఉంది. ఒక్క నొక్కు చాలు.

అమ్మ మైకు తలకిందులుగా పట్టుకుంది. పాస్టర్‌గారు సరిచేసి ఇచ్చారు. ఆవిడ నా వైపు చూసి, "సుశీలా, కాసిని మంచినీళ్లియ్యవే," అంది.

సుశీల మా పిన్ని. ముప్ఫై ఏళ్ల కిందటే చనిపోయింది. పక్షవాతమేమో అనుకుని నీళ్ల సీసా తీసుకుని పరిగెత్తాను.

"పోయిన వారం ఫ్రాన్సు పిల్ల గురించి చెప్పాను కదా," అంది అమ్మ నీళ్లు తాగి. "జపాను మహారాణికి కూడా పురుడు పోసింది నేనే. మా వార్డులోనే. ఆవిడ నానా యాగీ చేసిందనుకోండి, మంచం మీద పరుపు లేదని." ఎవరో కిసుక్కుమన్నారు. "రాజమండ్రి నుంచి ఓడ వేసుకుని వచ్చింది. ఓడలో ఏనుగులు. వాటికీ నేనే కాన్పు చేశాను."

ఇప్పుడు పిల్లలు పకపకా నవ్వుతున్నారు. పెద్దవాళ్లు తలలు దించుకున్నారు. నేను మాత్రం అమ్మ ఎడమచేతిని చూస్తున్నాను. బొటనవేలు చిటికెనవేలి పక్కన నెమ్మదిగా రుద్దుతోంది. అప్పుడర్థమైంది నాకు. కన్నీళ్లు ఆగలేదు. పాపం షారన్ అనుకుంటూ పక్కావిడ నా వీపు నిమిరింది.

ఆరాధన అయ్యాక విలేఖరి వచ్చింది. ఆవిడ ఇంగ్లీషులో అడిగింది, స్మృతి తెలుగులో చెప్పింది. "బామ్మగారూ, ఆ బేబీకి ఏదైనా మార్క్ ఉందా? గుర్తు లాగా?"

నేను అమ్మ భుజం మీద చెయ్యి వేశాను.

"లేకేం తల్లీ," అంది అమ్మ. "కుడి చెంప మీద రూపాయి బిళ్లంత నల్లమచ్చ. అమావాస్యకి పెద్దదయ్యేది."

విలేఖరి ఫోన్‌లో హెలెన్ ఫొటో తీసి ఒక నిమిషం చూసింది. చెంప నున్నగా ఉంది. రాసుకుంటున్న పుస్తకం మూసి, నా చెయ్యి పట్టుకుని సారీ చెప్పింది. స్మృతి వెళ్తూ వెళ్తూ నా దగ్గరికొచ్చి, "ఆంటీ, న్యూరాలజిస్ట్‌కి చూపించండి. మా అమ్మమ్మకి కూడా సేమ్ ఇలానే స్టార్ట్ అయింది," అంది. నేను సరేనన్నాను.

తర్వాత పాస్టర్‌గారు. ఆయన మంచివాడు, అందుకే ఇంకా కష్టమైంది. "అమ్మగారూ, పన్నెండేళ్లు సండే స్కూల్ చూసుకున్నారు. ఇక రెస్ట్ తీసుకోండి. పిల్లల్ని ఇంకెవరికైనా అప్పజెప్తాం," అన్నారు. ఆ పిల్లలంటే అమ్మకి ప్రాణం. శనివారం రాత్రే వాళ్ల కోసం బొమ్మలు కత్తిరించి పెట్టుకునేది. అమ్మ ఆయన వంక అయోమయంగా చూసి, "మీరెవరు బాబూ?" అంది. ఆ బొమ్మల సంచి నేనే తీసుకెళ్లి ఆఫీసు గదిలో ఇచ్చేశాను.

తిరిగి వస్తుంటే సిగ్నల్ దగ్గర అమ్మ అంది: "మొదటి అబద్ధం రాసిన రోజు చెయ్యి గడగడా వణికిందే. ఈ రోజు ఇన్ని చెప్పాను, ఒక్కదానికీ నాలుక తడబడలేదు. నాకదే భయంగా ఉంది."

గేర్ మీద ఉన్న చెయ్యి తీసి ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

సాయంత్రం అలవాటు కొద్దీ టీవీ పెట్టాను. హెలెన్ సభ. వేలమంది జనం. ఆవిడ నవ్వుతూ ఎడమచేత్తో కాగితం పైకెత్తింది. నేను వెంటనే ఆపాను. తెర నిండా ఆ చెయ్యి, చిటికెనవేలి పక్కన ఆ బుడిపె.

"ఎవరే ఈవిడ?" అంది అమ్మ.

నవ్వాను. అమ్మ నవ్వలేదు. కళ్లద్దాల వెనక ఆవిడ చూపు ఎక్కడో ఉంది. "అమ్మా, ఇంట్లో ఎవరూ లేరు. నేనే, షారన్‌ని."

"తెలుసే పిచ్చిదానా," అంది అమ్మ గొంతు తగ్గించి. "ఎవరూ లేనప్పుడే అలవాటు చేసుకోవాలి. ఇంట్లో మర్చిపోకపోతే బయట నోరు జారుతుంది. ఎన్నికలు అయిపోతే ఆగేది కాదిది. ఆ పిల్ల బతికున్నంత కాలం నాకు అదెవరో తెలియకూడదు."

తెర మీద చెయ్యి అలాగే ఉంది. అమ్మ బొటనవేలు చిటికెనవేలి దగ్గరికి వెళ్లబోయింది. ఆవిడ రెండో చేత్తో ఆ చేతిని గట్టిగా పట్టుకుని ఒళ్లో పెట్టుకుంది.

"తీసెయ్యమ్మా," అంది. "ఎవరి చెయ్యో మనకెందుకు."