ఏడు మరల డబ్బా

మే నెల మొదటికి నా చేతిలో ఉన్నది కువైట్‌లో పాతసామాను దుకాణాలుండే అమ్ఘరాలో సగం షెడ్డు, ఒక పాత పికప్, మూతపడ్డ కంపెనీల నుంచి తూకానికి కొన్న రేడియో సామాను ఒక కంటైనరు నిండా, ఆ సామానును బతికించగల రత్నరాజు. మొదటి మూడింటికి ధర చెప్పగలను. రత్నరాజుకు నెలకు నూట డెబ్భై దినార్లు ఇచ్చేవాణ్ణి. అది జీతమే గాని ధర కాదని అప్పుడు నాకు తెలియదు.

మాది అమలాపురం దగ్గర, అతనిది రాజోలు వైపు. అతని భార్య సుందరమ్మ బ్నీద్ అల్ గార్‌లో ఒక ఇంట్లో పనిచేస్తుంది. నేను కొంటాను, అతను బాగుచేస్తాడు, నేను అమ్ముతాను. ఆరేళ్ళు ఇలా నడిచింది.

ఖలీల్ అనే కువైటీ పెద్దాయన మా పాత ఖాతాదారు. టెలిఫోన్ల శాఖలో ఇంజినీరుగా రిటైరై, కబ్ద్‌లో ఉన్న తోటలో రేడియోలతో కాలక్షేపం చేస్తాడు. ఎడారిలో క్యాంపులు వేసుకునే తన రేడియో మిత్రుల కోసం అక్కడ రెండు రిపీటర్లు పెట్టాలనుకున్నాడు. రిపీటర్ అంటే చేతిలోని చిన్న సెట్టు మాటను పట్టుకొని, ఎత్తైన స్తంభం మీద నుంచి గట్టిగా మళ్ళీ పలికే పెట్టె. ఆయనకు కింది బ్యాండుకు ఒకటి, పై బ్యాండుకు ఒకటి కావాలి. స్తంభం కొనమీద మాత్రం ఒక్క యాంటెన్నాకే చోటుంది. రెండు పెట్టెలు ఒక్క యాంటెన్నాను పంచుకోవాలంటే మధ్యలో ఒక చిన్న డబ్బా ఉండాలి. దాని పేరు డైప్లెక్సర్. కింది బ్యాండును ఒక దారిన, పై బ్యాండును మరో దారిన పంపి, ఒకటి రెండోదాని మీద పడకుండా కాపలా కాస్తుంది.

బయటి దేశం నుంచి తెప్పిస్తే ఖర్చులతో కలిపి ఎనభై దినార్లు, నెల రోజులు. ఆ మాట చెబితే రత్నరాజు నవ్వాడు.

"కొనడం ఎందుకండీ, అచ్చిబాబు గారూ? మన కంటైనర్లో సెల్ టవర్ల ఫిల్టర్లు పడున్నాయి కదండీ. అందులో వెండి పూత తీగుంది. వారం ఇవ్వండి, నేనే కడతాను."

"ఆ తీగ నేను విడిగా అమ్ముకుంటాను కదరా, రత్నం."

"మూరెడు తీగండీ బాబూ. మూరెడు వెండికి కక్కుర్తి పడకండి."

వారంలో కట్టాడు. అల్యూమినియం డబ్బా, లోపల చుట్టలు చుట్టిన తీగ, మూత మీద ఏడు మరలు. ఒక్కో మర ఒక్కో ఎత్తులో నిలబడి ఉంది. మీటరు పెట్టి, పావు చుట్టు చొప్పున తిప్పి, ఒక్కోదాన్ని దాని చోట నిలపడానికి మూడు రోజులు పట్టింది. తరవాత మరల మొదట్లో ఎర్రటి చుక్కలు పెట్టాడు.

"ఇదేం సోకురా?"

"గోళ్ళ రంగండీ. సుందరం పనిచేసే ఇంటామె పారేస్తే తెచ్చింది. మర కదలకుండా పట్టేసుకుంటది."

జూన్ ఒకటి నుంచి మిట్టమధ్యాహ్నం ఆరుబయట పని చేయించకూడదు. ఆ లోపే ముగించాలని మే ఇరవై ఎనిమిదిన అతన్ని కబ్ద్ పంపాను. గదిలో పెట్టెలు, గది కప్పు మీద స్తంభం, దాని మొదట్లో డబ్బా. అతను కప్పు మీద నిలబడి తీగ కలిపిన చోటల్లా కదిపి చూస్తూ పిలవాలి, షెడ్డులో నేను సెట్టు పట్టుకొని ఎలా వినపడుతోందో చెప్పాలి. కబ్ద్‌కు రెండోసారి పెట్రోలు తగలేయడం నాకు ఇష్టం లేదు. "నేను సరే అనేదాకా దిగకు" అన్నాను.

సరిగ్గా అప్పుడు కూల్చిన భవనం నుంచి రాగి కేబుల్ లారీ వచ్చింది. బేరం మొదలైంది. బేరంలో ఉండగా సెట్టు కూసినా, ఫోను ఎత్తినా ఎదుటివాడికి మన తొందర తెలిసిపోతుంది. సెట్టు కట్టేశాను. ఫోను మూడుసార్లు వణికింది, జేబులోనే నొక్కేశాను. రెండు గంటల బేరం. ముప్ఫై ఎనిమిది దినార్లు మిగిలింది.

నాలుగు గంటలకు తోట కాపలాదారు మెహతాబ్ ఫోను చేశాడు. రత్నరాజు స్తంభానికి ఆనుకొని కూర్చున్నాడట, లేపితే లేవలేదట. డాక్టరు గుండె అని రాశాడు.

సుందరమ్మకు నేనే చెప్పాల్సి వచ్చింది. ఆస్పత్రి వరండాలో ఆవిడ ఒకే మాట అడిగింది.

"ఒక్కడే ఉన్నాడాండీ, అన్నయ్యగారూ?"

"లేదమ్మా. సెట్టులో చివరిదాకా నాతో మాట్లాడుతూనే ఉన్నాడు. నిన్ను తలుచుకున్నాడు. నీ పేరు అంటూనే ఆగిపోయాడు."

ఎందుకు అన్నానో అప్పుడు ఆలోచించలేదు. నోటికి వచ్చింది. అది ఆవిడకు అన్నంలా పనిచేసింది. ప్రార్థన కూటంలో నిలబడి సాక్ష్యం చెప్పింది. రాజోలులో అత్తగారికి ఫోనులో చెప్పింది. శవం ఊరికి వెళ్ళిపోయాక కూడా కనిపించినప్పుడల్లా, "మీరు తోడున్నారండీ, అది చాలండీ" అనేది. ప్రతిసారీ నేను తల ఊపేవాణ్ణి. ఊపిన కొద్దీ ఆ అబద్ధం నాకు ఇల్లయింది. అందులో ఒక్క ఇటుక కదిలినా నేను ఆవిడ ముందు నిలబడలేను.

డబ్బు అందని సరుకు గోదాముకే రావాలన్నది నా పద్ధతి. బరువైన పెట్టెలు కబ్ద్‌లో వదిలి డబ్బా మాత్రం విప్పుకొచ్చాను. అది లేకపోతే మిగతాది దండగ, ఖలీల్ ఎప్పటికైనా నా దగ్గరికే రావాలి. అనుకున్నట్టే నవంబరులో, క్యాంపుల కాలం మొదలవగానే వచ్చాడు. అమ్మే ముందు ఏ సరుకైనా తుడిచి, మెరిపించి, వదులు మరలు బిగించి ఇవ్వడం అమ్ఘరాలో అందరికీ అలవాటు. నేనూ అదే చేశాను. ఎర్ర మరకలు థిన్నరుతో తుడిచేశాను. ఎత్తుపల్లాలుగా లేచి ఉన్న ఏడు మరల్నీ మూతకు సమంగా దిగేదాకా బిగించాను. కొత్త డబ్బాలా ఉంది. ఖలీల్ మనుషులే తీసుకెళ్ళి తగిలించుకున్నారు.

మూడో రోజు పొద్దున్నే ఆయన ఫోను.

"యా అచ్చీ, నీ మనిషి వచ్చాడు" అన్నాడు బొంబాయి హిందీలో.

"ఏ మనిషి, బాబా?"

"రత్నం. నా సెట్టులో మాట్లాడుతున్నాడు. నువ్వు రా."

వెళ్ళాను. పట్టపగలు, ఎండ లేత పసుపుగా ఉంది. మెహతాబ్ తన పరుపు గదిలో నుంచి తీసి ఒంటెల కొట్టం పక్కన వేసుకున్నాడు. ఖలీల్ నా ఎడమ చేతిలో ఒక సెట్టు, కుడి చేతిలో మరొకటి పెట్టాడు.

"ఇది కింది బ్యాండు. నొక్కి మాట్లాడు. రెండోదాంట్లో విను."

నొక్కాను. ఏమనాలో తోచక "హలో" అన్నాను. కుడి చేతిలో చిన్న గరగర వచ్చింది. తరవాత రత్నరాజు పలికాడు.

"అచ్చిబాబు గారండీ, వినపడతందాండీ? మీరు పలికితే దిగిపోతానండీ. నీళ్ళయిపోయినియ్యండీ..." మధ్యలో ఊపిరి. "పర్లేదండీ. బేరంలో ఉన్నట్టున్నారు. మళ్ళీ పిలుస్తాను."

ఖలీల్ నా ముఖంలోకి చూస్తున్నాడు. ఆయనకు తెలుగు రాదు.

"ఏమంటున్నాడు?"

"టెస్టింగ్ అంటున్నాడు, బాబా."

ఆయన నమ్మాడో లేదో తెలియదు. "శనివారం లోపల ఇది ఆగాలి. లేకపోతే ఖలాస్, నీ సామాను నువ్వు తీసుకుపో" అన్నాడు.

అమ్ఘరాకు వెళ్ళి హుస్సేన్ వలిని వెంటబెట్టుకొచ్చాను. కడప మనిషి, రేడియో మెకానిక్కు. మీటరు తగిలించి అయిదు నిమిషాలు చూసి, డబ్బాను వేలితో కొట్టాడు.

"అచ్చిబాబన్నా, ఈ మరలు ఎవురు బిగించినారు?"

"నేనే. వదులుగా ఉంటే..."

"వదులా! నీ ఇంట్లో వీణ తంతులు గూడా సమానంగా లేవని బిగిస్తావా? ఒక్కోదానికి ఒక్కో చోటుంది, సామీ. ఇదో, ఈ మర పళ్ళ సందుల్లో ఎర్రరంగు ఇంకా మిగిలింది. ఇంత బాగా కట్టినోడి పనిని తిరగలి తిప్పినట్టు తిప్పినావు."

"అయితే మాట్లాడుతున్నది ఎవరు?"

"దయ్యం గాదులే. కింది బ్యాండు నూట నలభై అయిదు. దానికి మూడింతలెంత? నాలుగొందల ముప్ఫై అయిదు. అదే పై బ్యాండు. కింద మాట్లాడితే దాని మూడింతల నీడ ఒకటి పుడుతుంది. ఆ నీడ పైకి పోకుండా ఆపేదే ఈ డబ్బా. నువ్వు మరలు బిగించి తలుపు తెరిచినావు. నీడ పోయి పై పెట్టెను తడుతుంది. ఎవురో పిలిచినారనుకోని అది లేచి, తనలో రికార్డయిన మాట చెబుతుంది."

రత్నరాజు పద్ధతి నాకు గుర్తొచ్చింది. పై పెట్టెను రికార్డులో పెట్టి పిలిచేవాడు. నేను పలకగానే ఆపి, వెనక్కి తిప్పి విని, స్పష్టంగా ఉందో లేదో చూసేవాడు. ఆ పెట్టెకు అరనిమిషమే జ్ఞాపకం. కొత్త మాట పడేకొద్దీ పాతది చెరిగిపోతుంది. నేను పలకలేదు కనుక అతను ఆపలేదు. ఎన్నిసార్లు పిలిచాడో గాని ఆఖరిది మిగిలింది. ఖలీల్ ఇంకా పై పెట్టెను వాడకానికి తేలేదు. తెచ్చిన రోజు తన స్టేషను పేరు చెప్పే సంకేతం పలికి దీన్ని చెరిపేసేవాడు. ఎవరూ వినేవాళ్ళు కాదు.

వలి విన్నాడు. రెండోసారి వినలేదు.

"నీళ్ళయిపోయినాయంటాండాడు కదన్నా" అన్నాడు మెల్లగా.

"మరలు సరిచెయ్యి. అది కూడా చెరిపెయ్యి. కూలి రెండింతలిస్తాను."

"మరలు తిప్పుతా. అది నేను చెరపను. ఆయమ్మకు నువ్వేం చెప్పినావో మా రూములో గూడా అందరికీ తెలుసు. నువ్వు దేవుని మాదిరి తోడున్నావంట." మీటరు వైరు చుట్టుకుంటూ గదిలోకి చూపించాడు. "ఎర్ర బటను. నీ వేలితో నువ్వే నొక్కుకో."

గదిలోకి వెళ్ళాను. వేలు బటను మీద పెట్టాను. నొక్కితే ఇల్లు నిలబడుతుంది. వలి చెప్పినా సాక్ష్యం ఉండదు. వ్యాపారంగా చూస్తే ఆలోచించాల్సిన పనే లేదు. నొక్కే ముందు ఒక్కసారి విందామని ఎడమ చేతి సెట్టు నొక్కాను. "పర్లేదండీ. బేరంలో ఉన్నట్టున్నారు." మళ్ళీ నొక్కాను. పదకొండుసార్లు విన్నాను. నన్ను తిట్టి ఉంటే చెరిపేసేవాణ్ణి. అతను నాకు సాకు కూడా తనే వెతికి పెట్టాడు.

వలిని మరలు అలాగే ఉంచమన్నాను.

శుక్రవారం సుందరమ్మకు సెలవు. పొద్దున్నే పికప్‌లో ఎక్కించుకున్నాను. "ఆయన గొంతు పెట్టెలో ఉండిపోయింది, వింటావా" అని మాత్రం చెప్పాను. దారిపొడుగునా చున్నీ కొసను వేళ్ళకు చుట్టుకుంటూ కూర్చుంది. ముఖం పండగలా ఉంది. అదే నన్ను చంపింది.

గదిలో సెట్టు ఆవిడ చేతికిచ్చి, నేను రెండోది నొక్కాను. రత్నరాజు పలికాడు. ఆవిడ కళ్ళు మూసుకొని వింది. అయిపోయాక కూడా సెట్టు చెవి దగ్గరే ఉంచుకుంది.

"ఇంకా ఉందాండీ?"

"ఇంతేనమ్మా."

"మరి నా పేరండీ?"

నేను నేల వైపు చూశాను. "లేదు. ఆయన పిలుస్తుంటే నేను పలకలేదు. సెట్టు కట్టేశాను. ఫోను కూడా ఎత్తలేదు."

"ఎందుకండీ?"

"కేబుల్ లారీ వచ్చింది. బేరంలో ఉన్నాను."

బయట మెహతాబ్ ఒంటెను అదిలిస్తున్నాడు.

"ఎంత మిగిలిందండీ అందులో?"

"ముప్ఫై ఎనిమిది."

తిడుతుందనుకున్నాను. సెట్టును బల్ల మీద మెత్తగా పెట్టింది.

"మా అత్త రోజూ రాత్రి అదే మాట మళ్ళీ చెప్పించుకుని పడుకుంటదండీ. కోడల్ని తలుచుకుని పోయాడు నా కొడుకు అని. నేనూ అదే అనుకుని పడుకుంటున్నాను. ఇప్పుడు మీరు నిజం చెప్పి తేలికయ్యారు. మేమెలా పడుకోవాలండీ?"

ఆవిడకిద్దామని తెచ్చిన డబ్బు కవరు తీశాను. ఆవిడ దాన్ని చూడనైనా లేదు.

"ఈ బటనేనా చెరిపేది?"

"ఉంచుకుంటావేమో అనుకున్నాను. ఫోనులోకి ఎక్కించి..."

"వద్దండీ. ఎవురు నోరు తెరిచినా ఆ మనిషి ఎండలో నిలబడి నీళ్ళని చెప్పుకోవడమేనా? దిగనివ్వండి. మీరే నొక్కండి. మీరంటేనే దిగుతానన్నాడు కదా."

నొక్కాను. చిన్న బీప్ వచ్చింది. ఎడమ సెట్టు నొక్కి చూశాను. గరగర, తరవాత ఏమీ లేదు. సుందరమ్మ అప్పటికే వెళ్ళి పికప్‌లో కూర్చుంది. బ్నీద్ అల్ గార్‌లో దింపాను. దిగేటప్పుడు అన్నయ్యగారు అనలేదు.

మర్నాడు వలి మరలు తిప్పడానికి పొద్దుటి నుంచి సాయంత్రం దాకా పట్టింది. రత్నరాజు నిలబెట్టిన చోటికి పూర్తిగా రాలేదు, దగ్గరికి వచ్చాయి, చాలు అన్నాడు. ఖలీల్ తన సంకేతం తన గొంతుతో రికార్డు చేసుకున్నాడు, డబ్బు మొత్తం ఇచ్చాడు.

లెక్క ముగించాలి. డబ్బాకు, పెట్టెలకు వలి కూలి పోను నూట పది దినార్లు వచ్చాయి. కవరు షెడ్డు సొరుగులోనే ఉంది, రెండుసార్లు పంపితే రెండుసార్లూ తిరిగొచ్చింది. సుందరమ్మ అత్తకు ఏం చెప్పిందో తెలియదు, నా ఫోను ఎత్తదు. షెడ్డులో సెట్టు ఇప్పుడు రోజంతా పలుకుతూనే ఉంటుంది, బేరాల్లో కూడా. చూసినవాళ్ళు నాకు తొందరగా ఉందనుకుని ధర దిగరు, నెలకు అరవై దాకా నష్టం. క్యాంపుల వాళ్ళ మాటలు శుభ్రంగా వినిపిస్తాయి. ఒకరి మాటకూ ఒకరి మాటకూ మధ్య కాస్త ఖాళీ వస్తుంది. చేతిలో పని ఆపి వింటాను. అందులో నా పేరు ఎవరూ పిలవరు. ఖర్చులన్నీ పోగా నాకు వచ్చింది అది.