పట్టా కప్పిన ఇంజన్

“ఒరేయ్ త్రినాథా, ఇవాళ ఆ బండి తీయొద్దురా. ఎండ చూడు, పొద్దున్నే ఎట్టా మాడ్చేస్తందో. దారిలో ఆగిపోద్ది. పెళ్ళికూతురు రోడ్డు మీద నిలబడి ఏడుస్తది. వాళ్ళ మేనమామలు వచ్చి నిన్ను కొడతారు.”

“వస్తే వాళ్ళని కూడా ఫోటోలో నిలబెడతాలేమ్మా,” అన్నాడు మా వాడు, అద్దం ముందు తల దువ్వుకుంటూ.

ఇలాంటి మాటలు నేను రోజూ అంటూనే ఉంటాను. మబ్బు పడితే పిడుగు పడుతుందని, పట్టకపోతే వడదెబ్బ తగులుతుందని. ఫోన్ మోగకపోతే ఒక భయం, మోగితే ఇంకొకటి. అందుకే ఆ రోజు నా మాట నిజమైనా నన్నెవరూ మెచ్చుకోలేదు. “రోజూ ఆగిపోద్ది ఆగిపోద్ది అంటుంటే ఏదో ఒకరోజు ఆగదా మరి!” అని తప్పంతా నా నెత్తినే రుద్దారు మా ఆయన చెంచయ్య.

మాది తెల్ల అంబాసిడర్. పర్చూరు చుట్టుపక్కల ఇప్పుడు అలాంటివి ఒకటో రెండో మిగిలాయి. పెళ్ళికి ముందే జంటలకు ఫోటోలు తీసే ముచ్చట వచ్చాక దానికి మళ్ళీ రోజులొచ్చాయి. కల్లంలో ఎర్రగా ఆరబోసిన మిరపకాయల మధ్య దాన్ని నిలబెడతారు. పిల్లా పిల్లవాడూ దాని ముందు ఆనుకుని, ఘాటుకు వచ్చే తుమ్ములు ఆపుకుంటూ నవ్వుతారు. త్రినాథ్‌కు అదే బతుకుతెరువైంది. వచ్చే నెలలో తాడేపల్లిలో ఎవరిదో పెళ్ళికి బండి తోలడానికి కూడా ఒప్పుకున్నాడు. పెళ్ళికొడుకును ఇక్కడి నుంచి హైవే మీద తీసుకెళ్ళాలి.

ఆ రోజు ఫ్యాన్ బెల్టు తెగింది. జంటకు ఆలస్యమవుతుందని వీడు అలాగే తోలాడు. ముందు నుంచి పొగలు వచ్చేసరికి కంగారుపడి, పక్క కాలువలో చల్లటి నీళ్ళు ముంచుకొచ్చి సలసలా కాగుతున్న ఇంజన్‌లో పోశాడు. లోపల టప్‌మని చప్పుడైందట. జంటను ఎవరి బైకు మీదో పంపించి, బండిని ట్రాక్టర్‌కు కట్టి చిలకలూరిపేటలో గౌస్ బాషా షెడ్డుకు లాక్కుపోయాడు. మేం కొన్న నాటి నుంచీ ఆ బండి మీద చెయ్యి వేసే మెకానిక్ బాషా ఒక్కడే.

ఇంజన్ విప్పాక రమ్మని బాషా కబురు చేశాడు. ముగ్గురం వెళ్ళాం. నేనెందుకూ అంటే మా ఆయన, “నువ్వు ఊఁ అనకుండా ఏదన్నా చేస్తే నీకు నిద్ర పట్టదు. నీకు పట్టకపోతే ఇంట్లో ఎవర్నీ పోనియ్యవు. రా,” అన్నారు.

షెడ్డులో ఇంజన్ అసలు దిమ్మెను, దాన్నే బ్లాకు అంటారు, రెండు చెక్కల మీద పెట్టి ఉంచాడు బాషా. పక్కన పళ్ళెంలో పాలు పోసిన టీలా ఏదో ఉంది.

“నూనె వదినా అది. నీళ్ళు కలిసి అట్టా అయింది,” అని బ్లాకు పక్కన వేలితో చూపించాడు. వెంట్రుకంత గీత. చిన్న సుత్తి తీసుకుని తట్టాడు. కంగుమనలేదు. సంతలో కుండలు తట్టి కొన్నదాన్ని, ఆ చప్పుడు నాకు తెలుసు.

“రెండు దారులున్నాయి అన్నా,” అన్నాడు బాషా మా ఆయనతో. “పగులు వెంట చిల్లులేసి, ఇనప మేకులు బిగించి కుట్టు వేయించొచ్చు. గుంటూరులో చేస్తారు. నిలబడితే నిలబడతది. లేదంటే వేరే బ్లాకు తెచ్చి, మీ సామాను దానికి ఎక్కించాలి. కొత్తవి రావటంలా. నేను తిరిగి చూసినవన్నీ అరిగిపోయినయ్యే.”

“కుట్టు వేయించు,” అన్నారు మా ఆయన వెంటనే. “బ్లాకు మీద నంబరుంటది కదా. అది మారిపోతే ఇంక మన బండెట్టా అవుద్ది?”

“నాన్నా, పెళ్ళికొడుకుని ఎక్కించుకుని తోలేది నేను. కుట్లేసిన ఇంజన్‌తో హైవే మీదకా?”

“మీ అమ్మకి కడుపు కోసి కుట్లేయలా? నిన్ను మోయటం మానిందా?”

“ఎట్టెట్టా!” అన్నాన్నేను. బాషా మొహం పక్కకు తిప్పుకుని నవ్వాడు.

ఆయన అన్న మాటలో వీడు పుట్టిన రోజంతా ఉంది. త్రినాథ్ కడుపులో ఉండగా నొప్పులొస్తే ఈ బండిలోనే చీరాల బయల్దేరాం. ఇంకొల్లు దాటేసరికి ఇంజన్‌లో నీళ్ళు మరిగిపోయాయి. మా ఆయన పంచె ఎగ్గట్టి, పొగాకు చేలో పడి పరిగెత్తి, ఎవరిదో బోరు దగ్గర బిందె అడుక్కుని వచ్చారు. ఇంజన్ చల్లారేదాకా పొయ్యకూడదని ఆయనకు తెలుసు. నేను వెనక సీట్లో అరుస్తున్నా, ఆయన బిందె పట్టుకుని రోడ్డు మీద నిలబడే ఉన్నారు. “పొయ్యండయ్యా పోద్దాం!” అని నేను, “పోస్తే ఇద్దరినీ ఇక్కడే దింపుద్ది!” అని ఆయన. ఆ కథ వీడికి వందసార్లు చెప్పాం. అయినా వీడు చన్నీళ్ళే పోశాడు.

పత్తి బాగా పండిన ఏడు కొన్న బండి. మిరపకాయలు పండిన ఏళ్ళలో వెనక సీటు తీసేసి టిక్కీలు, అదే మిరప బస్తాలు, వేసుకుని గుంటూరు యార్డుకు అమ్మడానికి వెళ్ళేవాళ్ళం. ఆ కారం సీట్లలోకి ఇంకిపోయి, ఇప్పటికీ వానాకాలంలో తలుపు తీస్తే ముక్కు మండుతుంది. పొన్నూరులో మా పుట్టింటికి వెళ్తే మా అమ్మ వీధి మలుపులోనే చప్పుడు గుర్తుపట్టి ఎసట్లో ఇంకో గిద్దెడు బియ్యం పోసేది. అమ్మ పోయింది. ఆ చప్పుడు మాత్రం ఉంది, మొన్నటిదాకా. కుట్టు వేయిస్తే మళ్ళీ అదే చప్పుడు వస్తుందని నాకూ ఆశే. కానీ కళ్ళు మూసుకుంటే హైవే మీద బండి ఆగిపోవడం, వెనక లారీ రావడం కనిపిస్తోంది. ఆ బండిలో ఉండేది నా కొడుకు.

“బాషా మామా, అదేంది?” అన్నాడు త్రినాథ్.

షెడ్డు మూల మిరపకాయలపై కప్పే పట్టా కప్పి ఏదో ఉంది. వీడు అప్పటికే వెళ్ళి అంచు ఎత్తాడు. “ఇదీ అంబాసిడర్ బ్లాకే కదా! చూడు నాన్నా, నిగనిగలాడుతోంది. లేవంటావేంది మామా?”

బాషా నవ్వు ఆగిపోయింది. “అది ఉందిలే,” అన్నాడు. “అది వేరే.”

“బాగాలేదా?”

“బాగుంది.”

“మరి?”

బాషా వెళ్ళి పట్టా మళ్ళీ కప్పేశాడు. బాగున్న ఇంజన్ దాచిపెట్టాడంటే ఏమనుకోవాలి? ఏ లారీ కిందో నుజ్జయిన బండిదే అయ్యుంటుంది. ఎవరి పసుపుకుంకాలు తుడిచిన ఇనుమో. అలాంటిది తెలిసినవాళ్ళ బండిలో పెట్టడానికి చెయ్యి రాక దాచాడు. వీడేమో దాన్నే కావాలంటాడు.

“బాషా,” అన్నాను. “నిజం చెప్పు. ఆ బండిలో ఎవరన్నా పోయారా?”

“కోటేశ్వరీ!” అన్నారు మా ఆయన.

“మీరుండండి. నా కొడుకు ఎక్కే బండి. ఎంతమంది పోయారు? పిల్లలున్నారా అందులో?”

“అమ్మా, పరువు తీయొద్దు,” అని త్రినాథ్ తల పట్టుకున్నాడు.

బాషా నా వైపు ఆశ్చర్యంగా చూశాడు. “అయ్యో వదినా, అట్టాంటిదేం కాదు. అది మా నాన్న బండిది.”

త్రినాథ్ పట్టా దగ్గర్నుంచి రెండడుగులు వెనక్కి వేశాడు.

“చీరాల రోడ్డులో టాక్సీ తోలేవాడు. ఒక్కడికి గీత కూడా పడలా ఆయన చేతిలో. ఆయన పోయింది కూడా ఇంట్లోనే, మంచం మీద. తెల్లారి నమాజు చేసి, టీ తాగి, కాసేపు పడుకుంటా అన్నాడు. ఇంక లేవలా.” బాషా వంగి పట్టా అంచు సర్దాడు. “బండి ఆరుబయట తుప్పు పట్టి తలుపులు ఊడిపోయినయ్. పాత ఇనుముకి ఇచ్చేశా. ఇది మాత్రం ఇవ్వబుద్ధి కాలా. లోపల బిగుసుకుపోకుండా అప్పుడప్పుడూ నూనె పోసి చేత్తో తిప్పుతుంటా. మా ఇంట్లోవాళ్ళు నవ్వుతారు.”

మా ఆయన ఆ పట్టా వైపే చూస్తున్నారు. నంబరు సంగతి మళ్ళీ ఎత్తలేదు. త్రినాథ్ చెయ్యి జేబులో పెట్టుకుని నేల చూశాడు. “వద్దులే మామా, నాకు తెలవదు,” అన్నాడు. “గుంటూరులోనే కుట్టు వేయిద్దాం.”

కుట్టు అనగానే మళ్ళీ లారీ కనిపించింది నాకు. ఊరుకోలేకపోయాను. అడగకూడనిది అని తెలిసీ అడిగాను.

“బాషా, కుట్టు ఎట్టా ఉంటదో నాకు తెలవదు. నీకు తెలుసు. నీ కొడుకే తోలేదైతే ఏది బిగిస్తావు?”

అతను తలెత్తలేదు. చూపు మాత్రం మూలకు పోయింది. నాకు అది చాలు.

“మాకు ఇది కావాలి. అమ్ముతావా అని అడగటంలా. ఇవ్వటం నీకు ఇష్టమేనా అని అడుగుతున్నా. వద్దనుకుంటే ఒక్కమాట చెప్పు, కుట్టుకే పోతాం. నేనేమీ అనుకోను.”

బాషా పాత గుడ్డ తీసుకుని, శుభ్రంగానే ఉన్న చేతులు తుడుచుకోవడం మొదలుపెట్టాడు. ఒక్కో వేలూ తుడిచాడు. బయట పత్తి బేళ్ళ లారీ ఒకటి షెడ్డు అదిరేలా పోయింది. పక్క కొట్టులో లేతు మిషన్ గీపెట్టి ఆగింది. మా ఆయన ఏదో అనబోతే మోచేతితో పొడిచాను. నా నోట్లో మాటలు తిరుగుతూనే ఉన్నాయి. ఇస్తే ఇతను బాధపడతాడేమో, ఇవ్వకపోతే నా బిడ్డ ఏమవుతాడో, అడిగి పాపం చేశానేమో. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, భయాలన్నీ పంటి బిగువున ఆపుకుని కూర్చున్నాను.

అతను పట్టా దగ్గరకు వెళ్ళి గొంతుక్కూర్చున్నాడు. ఒక అంచు మడిచాడు, రెండోది మడిచాడు. అరచెయ్యి ఆ ఇనుము మీద ఆనించి చాలాసేపు అలాగే ఉన్నాడు.

“బిగించేశాక మొదటి సెల్ఫ్ మాత్రం నేనే కొడతా వదినా,” అన్నాడు.